కొట్టుగదిలో కారు కదలదేం?

వేసవి సెలవులకు నూజివీడు దగ్గర తాతగారి ఊరికి వెళ్ళారనుకోండి. తోటలో కాయకోత జోరుగా సాగుతోంది. చిక్కం కట్టిన గెడతో ఒకరు కాయలు దించుతుంటే, మరొకరు ముచ్చికలు విరిచి, సొన కారనిచ్చి, చిన్నరసాలను ఒక కుప్పగా, బంగినపల్లిని ఒక కుప్పగా పోస్తున్నారు. మీ తమ్ముడికి మాత్రం వాటి మీద ధ్యాస లేదు. నిరుడు ఎక్కి తిరిగిన బొమ్మకారు కోసం కొట్టుగదిలోకి పరుగెత్తాడు. బస్తాల వెనక దుమ్ము కొట్టుకుపోయిన ఆ ఎర్రకారును ఇద్దరూ కలిసి వాకిట్లోకి లాగారు. తమ్ముడు ఎక్కి పెడలు తొక్కాడు. కదల్లేదు. రాత్రంతా చార్జింగు పెట్టారు. పొద్దున్నే మళ్ళీ తొక్కితే రెండు బారలు నడిచి ఆగిపోయింది.

బ్యాటరీ పోయిందన్నారు ఒకరు. కాదు, మోటారు కాలిపోయిందన్నారు ఇంకొకరు. ఎవరి మాట నిజమో డబ్బు ఖర్చుపెట్టక ముందే తేల్చుకోవచ్చు. అయితే దానికి ముందు మరో చిత్రం చూడండి. అదే కొట్టుగది గోడకు ఒక బ్యాటరీ స్ప్రేయరు వేలాడుతోంది. మామిడి పూత మీద తేనెమంచు పురుగు, బూడిద తెగులు పడితే లేత చెట్లకు దానితోనే మందు కొడతారు. పూతకాలం దాటాక దానికీ పెద్దగా పని ఉండదు. దాని లోపల ఉన్నదీ బొమ్మకారులో ఉన్నలాంటి బ్యాటరీయే. రెండూ ఒకే ఏడు కొన్నవే అనుకుందాం. అది బాగా పనిచేస్తోంది, ఇది చచ్చిపోయింది. ఎందుచేత?

పెద్దవాళ్ళెవరినైనా దగ్గర ఉంచుకుని కారు సీటు కింది మరలు విప్పండి. (స్ప్రేయరును మాత్రం మీరు ముట్టుకోవద్దు, దానికి మందు అంటుకుని ఉంటుంది.) సీటు కింద నల్లటి పెట్టె కనిపిస్తుంది. 12 వోల్టుల కారయితే సాధారణంగా దాని మీద 12 వోల్టులు, 7 ఆంపియర్ అవర్ అని ఉంటుంది. పొడవు సుమారు 15 సెంటీమీటర్లు, వెడల్పు 6.5, బరువు రెండు కిలోల పైచిలుకు. చిన్న కార్లలో 6 వోల్టులది ఉంటుంది. కంప్యూటర్ల దగ్గర పెట్టే యు.పి.ఎస్. డబ్బాలలో కూడా ఈ రకమే వాడతారు. మన రాష్ట్రంలోనే తిరుపతి దగ్గర కరకంబాడిలో ఇటువంటి బ్యాటరీలు తయారవుతున్నాయి.

దీని వంశం చాలా పాతది. 1859లో ఫ్రాన్సు దేశస్థుడు గాస్టన్ ప్లాంటే రెండు సీసపు రేకులను గంధకికామ్లంలో, అంటే సల్ఫ్యూరిక్ ఆమ్లంలో, ముంచి, మళ్ళీ మళ్ళీ చార్జి చేసుకోగల మొదటి ఘటాన్ని తయారుచేశాడు. ఇప్పటికీ సూత్రం అదే. కాకపోతే ఈ పెట్టెలో ఆమ్లం ఒలికిపోకుండా సన్నటి గాజునూలు చాపలలో గానీ జిగురులో గానీ ఇంకి ఉంటుంది. ఒక్కొక్క గదిలో పుట్టే విద్యుత్పీడనం రెండు వోల్టుల పైన కొంచెం. 12 వోల్టుల పెట్టెలో అటువంటి గదులు ఆరు వరుసగా ఉంటాయి. ఈ ఆరు అనే అంకె గుర్తుంచుకోండి, తరువాత పనికివస్తుంది.

కారు నడిచేటప్పుడు లోపల ఏం జరుగుతుంది? ఒక ఫలకం మీది సీసమూ, ఇంకో ఫలకం మీది సీసపు డయాక్సైడూ ఆమ్లంతో కలిసి రెండూ సీసపు సల్ఫేటుగా మారతాయి. ఆమ్లం పలచబడి నీరవుతుంది. చార్జి చేస్తే ఇదంతా వెనక్కి తిరుగుతుంది. సల్ఫేటు కరిగి మళ్ళీ సీసమూ, డయాక్సైడూ, ఆమ్లమూ అవుతాయి.

చిక్కు ఎక్కడుందంటే, ఆ సల్ఫేటును ఎంతకాలం అలా వదిలేశామన్న దగ్గర. అప్పుడే ఏర్పడిన సల్ఫేటు మెత్తటి పొడిలాంటిది. వారాలు, నెలలు కదపకుండా వదిలేస్తే ఆ చిన్న స్ఫటికాలు ఒకదాన్నొకటి కలుపుకుని పెద్దవిగా, గట్టిగా పెరుగుతాయి. పంచదార, పటికబెల్లం రెండూ చక్కెరే కదా! పంచదార నీళ్ళలో వేసి రెండు తిప్పులు తిప్పితే కరుగుతుంది. పటికబెల్లం గడ్డ ఎంత తిప్పినా ఓ పట్టాన కరగదు. పాకాన్ని కదపకుండా వదిలేస్తేనే ఆ గడ్డ కడుతుంది. మీ కారు బ్యాటరీలో జరిగింది ఇదే. నిరుడు సెలవుల చివరిరోజున కారు ఆగిపోయేదాకా తొక్కి, ఆ ఖాళీ బ్యాటరీతోనే కొట్టులో పెట్టారు. పది నెలల్లో ఫలకాల మీద సీసపు సల్ఫేటు పటికబెల్లంలా గడ్డకట్టింది. ఒక్క రాత్రి చార్జింగుకు అది లొంగుతుందా?

నిండా చార్జి చేసి పెట్టినా బ్యాటరీ ఊరుకోదు. తనంతట తానే కొంచెం కొంచెం ఖాళీ అవుతుంది. 25 డిగ్రీల దగ్గర నెలకు నూటికి మూడు వంతుల వరకు పోతుంది. వేడి ప్రతి పది డిగ్రీలు పెరిగినకొద్దీ ఈ నష్టం ఇంచుమించు రెట్టింపవుతుంది. ఇది మామిడి ఊళ్ళవాళ్ళకు కొత్త సంగతేమీ కాదు. వరిగడ్డిలో వేసి వెచ్చగా ఉంచిన కాయ త్వరగా మాగుతుంది, చల్లటి చోట ఉంచినది నిదానంగా మాగుతుంది. రసాయన చర్యలకు వేడి అంటే అంత ఇష్టం! రేకుల కప్పు కింద కొట్టుగది వేసవిలో ఎలా కాగుతుందో మీకు తెలుసు. బ్యాటరీ కూడా అక్కడ త్వరగా ‘మాగిపోతుంది’.

మరి స్ప్రేయరు ఎలా బతికింది? తోట చూసే బాబాయి పని ఉన్నా లేకపోయినా నెలకోసారి దాన్ని చార్జింగుకు పెడతాడు. అదే తేడా.

ఇప్పుడు పరీక్షకు వద్దాం. ముందు చార్జరును అనుమానించండి. తీగ ఎక్కడో లోపల తెగి ఉంటే బ్యాటరీని తిట్టుకుని లాభం లేదు. మల్టీమీటరు ఉన్నవారిని అడిగి చార్జరు కొనల దగ్గర వోల్టేజీ చూడండి. అది సరిగా ఉంటే బ్యాటరీని నిండా చార్జి చేయించి, రెండు మూడు గంటలు ఊరికే ఉంచి, దాని కొనల దగ్గర కొలవండి. ఆరోగ్యంగా ఉన్న 12 వోల్టుల బ్యాటరీ 12.7 లేదా ఆ పైన చూపుతుంది. ఎంత చార్జి చేసినా పదిన్నర దగ్గరే ఆగితే? ఇందాకటి ఆరు గదులు గుర్తుచేసుకోండి. రెండు వోల్టులు తగ్గాయంటే ఒక గది చచ్చిందన్నమాట.

అయితే ఒట్టి మీటరును నమ్మి మోసపోవద్దు. గడ్డకట్టిన బ్యాటరీ కూడా మీటరుకు 12.5 చూపగలదు. తోటలో డ్రిప్పు ట్యాంకు నిండుగానే ఉంటుంది, గొట్టం పాచిపట్టి పూడిపోతే చెట్టుకు నీరు రాదు. ట్యాంకులో మట్టం చూసి గొట్టం బాగుందనగలమా? బ్యాటరీ అంతర్నిరోధం పెరగడమంటే గొట్టం పూడిపోవడమే. ప్రవాహం తీసుకుంటే గానీ అది బయటపడదు. అందుకని మోటారు సైకిలు ఇండికేటరు బల్బును, 12 వోల్టుల 21 వాట్లది, బ్యాటరీకి కలిపి చూడండి. 21ని 12తో భాగిస్తే సుమారు పావుతక్కువ రెండు ఆంపియర్లు. మంచి బ్యాటరీ ఈ బరువును మోస్తూ అయిదు నిమిషాలయినా 12 వోల్టులకు తగ్గదు. చెడినది మొదట వెలిగించి, చూస్తుండగానే పదికి, తొమ్మిదికి పడిపోతుంది. బల్బు ఎర్రబడి మసకబారుతుంది. (ఆ గాజును ముట్టుకోకండి, చురుక్కుమంటుంది.)

బల్బు బాగా వెలిగిందా? అయితే బ్యాటరీ నిర్దోషి. దొంగ మరెక్కడో ఉన్నాడు. బ్యాటరీ తీగ దగ్గర ఫ్యూజు ఉంటుంది, అది చూడండి. పోతే అదే విలువ గల ఫ్యూజు వేయాలి గానీ, రాగితీగ చుట్టకూడదు. ఆ పెట్టె చిన్నదే అయినా రెండు కొనలను ఇనుప స్పానరుతో కలిపితే ఒక్క క్షణంలో వంద ఆంపియర్లు దాకా పారగలదు. స్పానరు ఎర్రగా కాలుతుంది, చెయ్యీ కాలుతుంది. ఆ తరువాత పెడలు కింది స్విచ్చు. దాని రాగి ముక్కల మీద నిప్పురవ్వలు లేచి నల్లటి మసి పడుతుంది. ఎక్కువసార్లు తొక్కేది అదే కనుక అరిగేదీ ఎక్కువగా అదే. ఖరీదూ తక్కువే.

ఇక చక్రాల సంగతి. కారును ఇటుకల మీద ఎత్తి పెట్టి పెడలు నొక్కండి. మోటారు గిర్రున తిరిగే చప్పుడు వస్తున్నా చక్రం తిరగకపోతే పళ్ళచక్రం పళ్ళు అరిగినట్టే. ఒక చిన్న లెక్క వేద్దాం. చక్రం అడ్డం 25 సెంటీమీటర్లయితే ఒక చుట్టుకు దాదాపు 78 సెంటీమీటర్లు నడుస్తుంది. గంటకు 4 కిలోమీటర్లు పోవాలంటే నిమిషానికి సుమారు 85 చుట్లు చాలు. మోటారు నిమిషానికి పదివేల చుట్ల దరిదాపుల్లో తిరుగుతుంది. అంటే మోటారు వందసార్లకు పైగా తిరిగితే చక్రం తిరిగేది ఒక్కసారి! ఈ బేరమంతా కుదిర్చేవి ప్లాస్టిక్ పళ్ళచక్రాలు. తోటలోని దుక్కి నేలలో కారు దిగబడినా తమ్ముడు పెడలు వదలడు. అప్పుడు ముందుగా అరిగేవి ఆ పళ్ళే. తిరగలేని మోటారు మామూలు కంటే ఎన్నోరెట్ల విద్యుత్తు లాగి వేడెక్కుతుంది కూడా.

ఒక చక్రమే తిరగకపోతే చిన్న కిటుకు ఉంది. కుడి ఎడమ మోటార్ల తీగలను తారుమారు చేసి చూడండి. ఇప్పుడు రెండో చక్రం ఆగిపోతే దోషం తీగలో ఉంది. మొదటి చక్రమే మొరాయిస్తుంటే దోషం మోటారులో ఉంది. తీగలు మారినప్పుడు చక్రాలు వెనక్కి తిరగవచ్చు, కంగారు పడకండి. మోటారు కొనేటప్పుడు పాతదాన్ని చేతిలో పట్టుకెళ్ళి వోల్టులు, నిమిషానికి చుట్లు, కొనమీది చిన్న చక్రానికి పళ్ళెన్ని ఉన్నాయో లెక్కపెట్టి అదే తేవాలి. చుట్లు తేడా వస్తే కారు ఒక పక్కకే లాగుతుంది.

కొత్త బ్యాటరీ విషయంలో వోల్టులు మార్చనే కూడదు. 6 వోల్టుల కారుకు 12 వేస్తే జోరుగా పోతుందని కొందరి ఆశ. నిరోధం మారకుండా వోల్టులు రెట్టింపయితే సామర్థ్యం నాలుగింతలవుతుందని మీరు చదువుకున్నారు. ఆ నాలుగింతల వేడిని అదే మోటారు, అదే తీగలు భరించాలి. ఆంపియర్ అవర్ మాత్రం 7కు బదులు 8 ఉన్నా పరవాలేదు, పెట్టెలో పట్టి, కొనల బిళ్ళలు సరిపోతే చాలు. కాకపోతే కొత్తరకం స్ప్రేయర్లలో కొన్నింట్లో లిథియం బ్యాటరీలు వస్తున్నాయి. వాటి చార్జరు వేరు, దీని చార్జరు వేరు. వాటిని కలపవద్దు.

మిగిలింది పాత బ్యాటరీ. దాని బరువులో సగానికి పైగా సీసమూ సీసపు సమ్మేళనాలే. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, అంటే వంట పొయ్యి చాలు. గాలానికి గుండు చేద్దామని పగలగొట్టి కరిగించే పిల్లలు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ పొడీ ఆవిరీ కంటికి కనిపించకుండా వాకిటి మట్టిలో కలుస్తాయి. మట్టిలో ఆడుకుని వేళ్ళు నోట్లో పెట్టుకునే పసివాళ్ళ ఒంట్లో చేరి ఎదిగే మెదడును దెబ్బతీస్తాయి. ఆఫ్రికాలోని సెనెగల్ దేశంలో, డకార్ నగర శివారులోని థియారాయ్ అనే చోట పాత బ్యాటరీల సీసం కలిసిన మట్టి వల్ల 2007 నవంబరు, 2008 మార్చి నెలల మధ్య 18 మంది పిల్లలు చనిపోయారు. పిల్లల రక్తంలో ఇంత సీసం ఉన్నా ప్రమాదం లేదని చెప్పగల హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. అందుచేత ఆ పెట్టెను పగలగొట్టకుండా, ఉన్నదున్నట్టుగా బ్యాటరీ షాపుకు పట్టుకెళ్ళండి. మన దేశంలో 2001 నుంచీ దీనికి నియమాలున్నాయి. వాటి స్థానంలో 2022లో వచ్చిన కొత్త నియమాల ప్రకారం వాడేసిన బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులదే. పాతది ఇస్తే కొత్తదాని ధరలో కొంత తగ్గించడం షాపుల్లో మామూలే, అడగడానికి మొహమాట పడకండి.

కొత్తది బిగించేటప్పుడు ఎర్రతీగ ధనకొనకు, నల్లతీగ ఋణకొనకు. తారుమారయితే రిమోటు ఉన్న కార్లలో లోపలి పలక కాలిపోతుంది. మొదటి చార్జింగు పూర్తయ్యాకే తమ్ముడిని ఎక్కనివ్వండి. ఆట అయిపోగానే, కారు కాస్త చల్లారాక, గాలి తగిలే చోట చార్జింగు పెట్టండి. కారుతో ఇచ్చిన కాగితంలో ఎన్ని గంటలని ఉంటే అన్ని గంటలే. సెలవులయి మీ ఊరు వెళ్ళేరోజున బ్యాటరీని నిండా చార్జి చేసి, తీగ ఊడదీసి, రేకుల కొట్టులో కాకుండా ఇంట్లో చల్లటి మూల పెట్టండి. తోట చూసే బాబాయికి ఒక మాట చెప్పండి: నెలకోసారి స్ప్రేయరును చార్జింగుకు పెట్టే రోజునే, దీన్ని కూడా దీని చార్జరుతోనే పెట్టమని.