పని చేస్తూ చదువు: ఆన్‌లైన్ డిగ్రీలో చేరేముందు ఐదు ప్రశ్నలు



మూడేళ్ళ క్రితం ఒక సాయంత్రం అసర్ నమాజు ముగించుకుని ఇంటికి వచ్చేసరికి, నా పాత విద్యార్థి ఒకడు వసారాలో కూర్చుని ఉన్నాడు. వయసు ముప్పై దాటింది. ఇద్దరు పిల్లలు. మందుల హోల్‌సేల్ దుకాణంలో బిల్లులు రాస్తాడు. బి.కాం. రెండో ఏట ఉండగా తండ్రి చనిపోవడంతో చదువు ఆగిపోయింది.

ఫోను నా చేతికిచ్చి, "సార్, ఆన్‌లైన్ డిగ్రీ అంట. ఏడాదిలో సర్టిఫికెట్ చేతికిస్తారంట. ఈ రాత్రి లోపల ఇరవై వేలు కడితేనే సీటు ఉంటుందని ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు. అమ్మీ గాజులు తాకట్టు పెడదామనుకుంటున్నా. కట్టేదా?" అని అడిగాడు.

"ఈ రాత్రికి కట్టొద్దు నాయనా. నిజమైన చదువు తెల్లారేసరికి ఎక్కడికీ పోదు. రేపు ఆదివారం కదా, కాగితం, పెన్ను తీసుకుని రా" అన్నాను.

మరునాడు మేమిద్దరం కూర్చుని వేసుకున్న ప్రశ్నలనే ఈ వ్యాసంలో మీ ముందు ఉంచుతున్నాను. దుకాణాల్లో, ఆఫీసుల్లో, ప్రైవేటు బడుల్లో పని చేస్తూ, ఇంటి బాధ్యతలు మోస్తూ, మళ్ళీ చదువుకోవాలని ఆశపడేవారు మనలో ఎందరో ఉన్నారు. ఆ ఆశ గొప్పది. అయితే, ఆశ ఉన్నచోటికే మోసమూ వస్తుంది. కాబట్టి తూచి అడుగు వేయాలి.

ముందుగా మాటల అర్థం

మన వాళ్ళు దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీ, ఆన్‌లైన్ కోర్సు అనే మూడింటినీ ఒకటిగా అనుకుంటారు. మూడూ వేరు.

దూరవిద్యలో విశ్వవిద్యాలయం పుస్తకాలు ఇస్తుంది, అధ్యయన కేంద్రంలో కొన్ని తరగతులు ఉంటాయి, పరీక్ష కేంద్రానికి వెళ్ళి రాయాలి. ఈ దారి మనకు కొత్తది కాదు. దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన తెలుగు నేల మీదనే పుట్టింది. ఇప్పుడు దాని పేరు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1985లో పార్లమెంటు చట్టంతో ఇగ్నో వచ్చింది. 1998లో హైదరాబాదులో మొదలైన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం కూడా తొలి అడుగు దూరవిద్యతోనే వేసింది.

ఆన్‌లైన్ డిగ్రీలో పాఠాలు, చర్చలు, అసైన్‌మెంట్లు అన్నీ ఇంటర్నెట్ ద్వారా జరుగుతాయి. ఇచ్చేది మాత్రం విశ్వవిద్యాలయమే.

ఆన్‌లైన్ కోర్సు అంటే ఒక నైపుణ్యం నేర్పి ఇచ్చే సర్టిఫికెట్. అది డిగ్రీ కాదు. అంతమాత్రాన పనికిరానిదీ కాదు. కొందరికి డిగ్రీ కంటే అదే ఎక్కువ అవసరం.

మొదటి ప్రశ్న: నాకు ఈ డిగ్రీ దేనికి?

దీనికి జవాబు ఒక్క వాక్యంలో రాయగలగాలి. "అందరూ చేస్తున్నారు" అన్నది జవాబు కాదు. "గ్రూప్ పరీక్ష రాయడానికి డిగ్రీ అర్హత కావాలి", "మా ఆఫీసులో పదోన్నతికి డిగ్రీ అడుగుతున్నారు", "ఆగిపోయిన చదువు పూర్తి చేయాలని నా మనసు కోరుతోంది" అన్నవి జవాబులు. చివరిదాన్ని తక్కువ చేయకండి. బిడ్డల ముందు తల్లి పుస్తకం పట్టుకుని కూర్చుంటే ఆ ఇంటి గాలే మారుతుంది.

అవసరం వేరైతే దారి కూడా వేరవుతుంది. కుట్టుపని చేసే సోదరికి సొంత దుకాణం పెట్టాలని ఉంటే మూడేళ్ళ డిగ్రీ కంటే లెక్కలు రాసే పద్ధతి, డిజైనింగ్ నేర్పే ఆరు నెలల శిక్షణ మేలు. కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన స్వయం వేదికలో ఎన్నో పాఠాలు ఉచితంగా వినవచ్చు. పదో తరగతితో ఆగినవారు ఏకంగా డిగ్రీ వైపు చూడకుండా, ముందు సార్వత్రిక విద్యాపీఠం ద్వారా ఇంటర్ పూర్తి చేసుకోవాలి. మెట్లు దాటేసి పైకి ఎక్కిస్తామని చెప్పేవారిని నమ్మకండి.

రెండో ప్రశ్న: దీనికి గుర్తింపు ఉందా?

దూర, ఆన్‌లైన్ విద్యకు యు.జి.సి. 2020లో నిబంధనలు తెచ్చింది. గుర్తింపు పొందిన సంస్థ, అనుమతి ఉన్న కోర్సులో, ఆ నిబంధనల ప్రకారం ఇచ్చిన డిగ్రీ కాలేజీకి వెళ్ళి చదివిన డిగ్రీతో సమానమని 2022 సెప్టెంబరులో మళ్ళీ స్పష్టం చేసింది. ఇందులో ప్రతి మాటా ముఖ్యమే. విశ్వవిద్యాలయానికి పేరుంటే చాలదు. మీరు చేరే కోర్సుకు, మీరు చేరే సంవత్సరానికి అనుమతి ఉందో లేదో యు.జి.సి. దూరవిద్య విభాగం వెబ్‌సైటులోని జాబితాలో మీ కళ్ళతో మీరు చూడాలి. ఎదుటివారు వాట్సాప్‌లో పంపిన ఫోటో చూసి తృప్తి పడకూడదు.

గుర్తుంచుకోవలసిన విషయాలు మరికొన్ని ఉన్నాయి.

ఇంజినీరింగు, వైద్యం, నర్సింగు, ఫార్మసీ, దంతవైద్యం, ఫిజియోథెరపీ, న్యాయశాస్త్రం, వ్యవసాయం, హోటల్ మేనేజ్‌మెంట్ వంటి డిగ్రీలను దూరవిద్యలో గాని, ఆన్‌లైన్‌లో గాని ఇవ్వడానికి అనుమతి లేదు. పిహెచ్.డి. కూడా అంతే. ఇవి ఇస్తామంటే అక్కడితో మాట ఆపేయండి.

ప్రైవేటు బడుల్లో పని చేసే సోదరీమణులు నన్ను తరచూ బి.ఇడి. గురించి అడుగుతారు. ఆన్‌లైన్ బి.ఇడి. లేదు. దూరవిద్యలో ఉన్నది, ఇప్పటికే ఉపాధ్యాయ శిక్షణ పొందినవారి కోసం, ఎన్.సి.టి.ఇ. గుర్తింపు ఉన్న సంస్థల్లో మాత్రమే.

మూడేళ్ళ డిగ్రీని ఏడాదిలో ఇవ్వడం ఏ నిబంధనా ఒప్పదు. "పాత తేదీలతో పట్టా ఇప్పిస్తాం" అన్న మాట నేరానికి ఆహ్వానం. పట్టుబడిన రోజున ఉద్యోగం పోయేది, కేసు పడేది మనకే.

కన్సల్టెన్సీకి, ఫ్రాంచైజీకి డిగ్రీ ఇచ్చే అధికారం లేదు. ఫీజు విశ్వవిద్యాలయం పేరు మీదనే కట్టాలి, రసీదు దాని నుంచే రావాలి. 2024 నుంచి ఈ కోర్సుల్లో చేరడానికి డెబ్ ఐడి అనే నంబరు తప్పనిసరి. దాన్ని విద్యార్థి తానే యు.జి.సి. వెబ్‌సైటులో తీసుకోవాలి. చేతకాకపోతే ఇంట్లో ఇంటర్ చదివే పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోండి. ఓటీపీలు మాత్రం ఏజెంటుకు చెప్పకండి.

ఈ జాగ్రత్త ఎందుకో ఒక తీర్పు చెబుతుంది. 2017 నవంబరులో సుప్రీంకోర్టు, నాలుగు డీమ్డ్ విశ్వవిద్యాలయాలు తగిన అనుమతులు లేకుండా దూరవిద్యలో ఇచ్చిన ఇంజినీరింగు డిగ్రీల మీద తీర్పు ఇచ్చింది. 2001 నుంచి 2005 వరకు చేరినవారి డిగ్రీలను నిలిపివేసి, మళ్ళీ పరీక్ష రాసి నెగ్గమన్నది. ఆ తర్వాత చేరినవారి డిగ్రీలు రద్దయ్యాయి. పుస్తకాలు చదివి, పరీక్షలు రాసి, పదేళ్ళకు పైగా ఉద్యోగాలు చేసినవారు సైతం ఆ చిక్కులో పడ్డారు. తప్పు సంస్థలది, శిక్ష విద్యార్థులకు పడింది. అందుకే చేరకముందే అడగాలి.

మా రాయచోటి వైపు ఇంటికొకరు కువైట్‌లోనో మరో గల్ఫ్ దేశంలోనో ఉంటారు. వాళ్ళకు ఇంకొక మాట. ఇక్కడ చెల్లే డిగ్రీ అక్కడ కూడా చెల్లుతుందని ముందే అనుకోవద్దు. దూర, ఆన్‌లైన్ డిగ్రీలను అన్ని దేశాలూ ఒకే విధంగా చూడవు. వెళ్ళే దేశం నిబంధన ఏమిటో, ఉద్యోగం ఇచ్చే సంస్థ ఏమంటుందో రాతపూర్వకంగా తెలుసుకున్నాకే ఫీజు కట్టాలి.

మూడో ప్రశ్న: ఖర్చెంత, తిరిగి వచ్చేదెంత?

ప్రకటనలో కనిపించే ఫీజు పూర్తి ఖర్చు కాదు. దానికి పరీక్ష ఫీజు, తప్పిన పేపరు మళ్ళీ రాసే ఫీజు, ఇంటర్నెట్, పుస్తకాలు, పరీక్ష రోజుల్లో పోయే కూలి లేక సెలవు, ప్రయాణం కలపాలి. ఉదాహరణకు అన్నీ కలిపి 90,000 అయ్యిందనుకుందాం. డిగ్రీ వల్ల నెలకు 3,000 జీతం పెరిగితే, పెట్టింది రావడానికి 30 నెలలు పడుతుంది. పెరిగేది 1,000 అయితే ఏడున్నరేళ్ళు. జీతం పెరుగుతుందో లేదో మీ యజమానినే నేరుగా అడగండి. కోర్సు అమ్మేవాడు ఆ హామీ ఇవ్వలేడు.

"వడ్డీ లేని వాయిదాలు" అన్న మాట దగ్గర మరింత ఆగండి. చాలాసార్లు అది ఒక ఫైనాన్స్ కంపెనీ మీ పేరున రాసే అప్పు. చదువు మధ్యలో మానేసినా వాయిదా మానదు. ఒక వాయిదా తప్పితే జరిమానా, దాని మీద వడ్డీ పడతాయి. వడ్డీకి దూరంగా ఉండాలనుకునే మనం, సంతకం పెట్టే కాగితంలో ఏముందో చదవకుండా అందులో దిగకూడదు. ప్రభుత్వ సార్వత్రిక విశ్వవిద్యాలయాల ఫీజులు సాధారణంగా ప్రైవేటు వాటికంటే బాగా తక్కువ. ముందు వాటిని చూడండి.

నాలుగో ప్రశ్న: సమయం ఎక్కడి నుంచి వస్తుంది?

దూరవిద్యలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. మూడేళ్ళ డిగ్రీకి 120 క్రెడిట్లు అనుకుంటే 3,600 గంటలు. ఏడాదికి 1,200. వారానికి సుమారు 23 గంటలు. పుస్తకం చదవడం, పాఠం వినడం, అసైన్‌మెంటు రాయడం అన్నీ ఇందులోకే వస్తాయి. అందరూ అన్ని గంటలు చదవరు, నిజమే. సగం చదవాలన్నా రోజుకు గంటన్నర దాటుతుంది.

కాబట్టి చేరకముందే ఒక నెల పరీక్ష పెట్టుకోండి. ఖర్చు లేని ఒక ఆన్‌లైన్ పాఠం తీసుకుని, రోజూ గంటన్నర కూర్చోండి. ఫజర్ తర్వాత కుదురుతుందా, రాత్రి పిల్లలు పడుకున్నాక కుదురుతుందా చూడండి. ముప్పై రోజుల్లో ఇరవై రోజులైనా కూర్చోగలిగితే చేరవచ్చు. పది రోజులకే జారిపోతే ఈ ఏడాదికి ఆగండి. ఆగడం ఓటమి కాదు, డబ్బు కట్టి మానేయడం కంటే మంచిది.

ఐదో ప్రశ్న: తోడు ఎవరు?

1990ల చివరలో, ఉద్యోగం చేస్తూ నేను దూరవిద్యలో ఎం.ఏ. చదివాను. పుస్తకాల పార్సిల్ తపాలాలో వచ్చేది. మొదటి ఏడాది దాన్ని చాలాకాలం విప్పనే లేదు. పరీక్షకు రెండు నెలల ముందు విప్పి, ఒక పేపరు తప్పాను. రెండో ఏడాది మా ఊరి మరో ఉపాధ్యాయుడు తోడు దొరికాడు. ఆదివారాలు ఇద్దరం కలిసి చదివాం. గట్టెక్కాం. ఆ పట్టా నా జీతాన్ని వెంటనే పెంచలేదు. పాఠం చెప్పే తీరును మాత్రం మార్చింది.

తరగతి గది మనకు తెలియకుండానే చేసే మేలు ఈ తోడు. ఒంటరి చదువులో దాన్ని మనమే ఏర్పాటు చేసుకోవాలి. ఇంట్లో వాళ్ళను కూడా ముందే ఒప్పించాలి. ముఖ్యంగా ఇల్లాలు చదువుతుంటే, ఆ గంటన్నర వంటింటి బాధ్యత ఎవరిదో మాటల్లో తేల్చుకోవాలి. "చదువుకో, ఎవరు వద్దన్నారు" అంటే చాలదు. గిన్నెలు ఎవరు కడుగుతారో చెప్పాలి.

మా విద్యార్థి ఏం చేశాడు?

ఆ ఆదివారం రెండో ప్రశ్న దగ్గరే విషయం తేలిపోయింది. ఏడాదిలో డిగ్రీ అన్న సంస్థ పేరు ఏ జాబితాలోనూ లేదు. ఫోను చేసిన మనిషి రసీదు విశ్వవిద్యాలయం పేరున ఇవ్వనన్నాడు. గాజులు తాకట్టుకు పోలేదు.

తర్వాత అతడు ఒక ప్రభుత్వ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో బి.కాం.లో మళ్ళీ మొదటి ఏడాది నుంచి చేరాడు. తొలి ఏడాది ఒక పేపరు తప్పాడు, మళ్ళీ రాసి నెగ్గాడు. ఇప్పుడు మూడో ఏడాది. జీతం ఇంకా పెద్దగా పెరగలేదు. కాని యజమాని జి.ఎస్.టి. లెక్కలు అతని చేతికి అప్పగించాడు. "సార్, మా పెద్దోడు నా పక్కనే కూర్చుని హోంవర్క్ చేసుకుంటున్నాడు" అని మొన్న చెప్పాడు. ఇది ఏ ప్రకటనలోనూ రాయని లాభం.

చివరగా సంఘం పెద్దలకు ఒక విన్నపం. మనం ఏటా పిల్లలకు పుస్తకాలు, ఫీజులు ఇస్తున్నాం. దానితో పాటు ఏడాదికి రెండుసార్లు, జనవరి, జూలై ప్రవేశాలకు ముందు, ఒక ఆదివారం సలహా కేంద్రం నడుపుదాం. ఒక కంప్యూటరు, ఇద్దరు ఉపాధ్యాయులు చాలు. నేను వస్తాను. ఎవరి ఇంటి బంగారమూ పనికిరాని కాగితం కోసం తాకట్టుకు పోకుండా ఆపగలిగితే, అది కూడా విద్యాదానమే.

చదవాలన్న ప్రతి ఒక్కరి ప్రయత్నాన్నీ అల్లాహ్ సఫలం చేయుగాక. ఆమీన్.