మంద్ర షడ్జం తీగ మీద జముకు

విజయనగరం

చిరంజీవి అమ్మాయికి,

మీ అమ్మగారి మోకాలి నొప్పి తగ్గుముఖం పట్టిందని విన్నాను, సంతోషం.

నువ్వు కట్టిన ఆనందభైరవిని మొన్న రాత్రి మా మనవరాలు ఫోనులో పెట్టి వినిపించింది. పదకొండు నిమిషాలు. అయిపోగానే మళ్ళీ పెట్టమన్నాను. మూడోసారి కూడా విని పడుకున్నాను గాని నిద్ర పట్టలేదు. తెల్లవారుజామునే లేచి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఫోను చేసి చెప్పొచ్చు. కానీ నాకు గొంతు పట్టేస్తుంది, సగం మాటలు లోపలే ఉండిపోతాయి.

మొదటి మూడు నిమిషాలూ నాకు తెలిసిన పిల్లే వాయించింది. ‘స గ రి గ మ’ అని వంకరగా మెట్లెక్కే ఆ నడక, గాంధారం మీద ఆ ఊపు, పంచమం దగ్గర నిలబడి ఊపిరి తీసుకోవడం, అన్నీ మన అరుగు మీద నేర్చుకున్నవే. కమాను బరువు కూడా మారలేదు. పరవాలేదు, చేయి పాడవలేదు అనుకుంటూ వింటున్నాను. అంతలో కమాను ఆగింది. మంద్ర షడ్జం తీగను మీటి, ఆ మోత చల్లారకముందే ఎడమచేతి వేలిని జార్చావు. మళ్ళీ మీటి ఈసారి పైకి తీసుకెళ్ళావు. నాకు ఒళ్ళు జలదరించింది. అది జముకు!

నీకు గుర్తుందో లేదో గాని, నాకు బాగా గుర్తుంది. నీకప్పుడు పన్నెండేళ్ళు. మీ అమ్మమ్మగారి ఊళ్ళో అమ్మవారి పండగకి వెళ్ళి, రాత్రంతా జముకుల కథ విని వచ్చావు. కళ్ళు ఇంకా నిద్రతో ఎర్రగానే ఉన్నాయి. పాఠం మధ్యలో కమాను పక్కన పెట్టి, “మాస్టారూ, ఇలా మోగింది” అంటూ తీగ మీటి చూపించబోయావు. నేను కసిరాను. వయోలిన్ అంటే ఏమనుకున్నావని అడిగి, వర్ణం మొదటి నుంచి వాయించమన్నాను. నువ్వు ఒక్క మాటైనా అనకుండా కమాను అందుకున్నావు. ఆ తర్వాత ఆరేళ్ళు నా దగ్గర నేర్చుకున్నావు. మళ్ళీ ఒక్కనాడూ నా ఎదుట తీగ మీటలేదు.

ఆ రోజు నేను చేసింది తప్పు. ఆ మాట నీకు నా చేతిరాతతో ఉండాలని రాస్తున్నాను.

నువ్వు చేసిన పని ఎంత కష్టమో వినేవాళ్ళలో చాలామందికి తెలియదు, నాకు తెలుసు. కమానుతో తీసిన నాదాన్ని ఎంతసేపైనా సాగదీయవచ్చు, జారు తీరిగ్గా వేసుకోవచ్చు. మీటిన నాదం అలా కాదు, పుట్టిన మరుక్షణమే పడిపోవడం మొదలుపెడుతుంది. జముకు కథకుడు ఆ తోలువాద్యానికి కట్టిన తీగను బిగిస్తూ, సడలిస్తూ స్వరాన్ని వంచుతాడు. వయోలిన్ మీద తీగ బిగువు మార్చడానికి లేదు, వేలి ప్రయాణమే దిక్కు. ప్రాణం ఉన్న ఆ కాస్త వ్యవధిలోనే వేలు బయలుదేరాలి, సరిగ్గా శ్రుతి మీద దిగాలి. వెంట్రుకవాసి తప్పినా అపస్వరమే. నువ్వు అలా పద్నాలుగు జార్లు వేశావు, నేను లెక్కపెట్టాను. పద్నాలుగూ శ్రుతిలోనే పడ్డాయి. దాని వెనక ఎన్ని రాత్రుల సాధన ఉందో ఊహించగలను. అంతకన్నా నన్ను కదిలించిందేమిటంటే, నేను వద్దన్నదాన్ని నువ్వు పారేయకుండా ఇన్నేళ్ళూ భద్రంగా దాచుకున్నావు. నా జన్మలో ఏ శిష్యుడి విషయంలోనూ నేనింత గర్వపడలేదమ్మా.

“మాస్టారికి నచ్చుతుందో లేదో” అని మనవరాలితో అన్నావట. ఆ భయం ఇక వదిలెయ్యి. మన ఊళ్ళో జరిగిన సంగతే చూడు. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఘంటసాల మధూకరం ఎత్తుకుని తింటూ, పట్రాయని సీతారామశాస్త్రిగారి దగ్గర పాట నేర్చుకున్నాడు. పాటలో మాట చెడకూడదనే పట్టుదల శాస్త్రిగారిది. ఆ శిష్యుడు మద్రాసు వెళ్ళి సినిమాల్లో చేరాడు. సినిమా పాటంటే చాలామంది విద్వాంసులు పెదవి విరిచే కాలమది. అయినా అక్కడే పద్యానికి తనదైన నడక ఒకటి కుదిర్చాడు. ఇవాళ ఊరూరా పద్యం ఎత్తుకున్నవాడి గొంతులో ఎక్కడో ఒకచోట ఆ నడక వినబడుతుంది. ఆ గురువుగారి కుమారుడు సంగీతరావుగారే మద్రాసు వెళ్ళి, ఘంటసాలకు సహాయకుడిగా హార్మోనియం ముందు కూర్చున్నారు. 1974లో ఘంటసాల పోయేదాకా ఆయనతోనే ఉన్నారు. తండ్రిగారి శిష్యుడి పాటకు తాను శ్రుతి పట్టడం! ఒక శిష్యుడికి గురువుగారి ఇంటి నుంచి ఇంతకన్నా పెద్ద యోగ్యతాపత్రం ఏముంటుంది?

ఇక నాలుగు మాటలు చెబుతాను. సలహా అనుకో, ఆజ్ఞ అనుకో.

ఈ రచన బయటికి వచ్చాక నిన్ను విమర్శించేవాళ్ళు వస్తారు. ఇది శాస్త్రీయమా, జానపదమా తేల్చమంటారు. బాలమురళీకృష్ణగారు నాలుగే స్వరాలతో మహతి పాడినప్పుడు, ఐదు స్వరాలైనా లేనిది రాగమెలా అవుతుందని పెద్దపెద్దవాళ్ళు తగవుకు వచ్చారు. ఆయన పాడటం మానలేదు. కానీ ఆ మనిషి అంతకుముందే, చిన్న వయసులోనే, డెబ్బై రెండు మేళకర్తల్లోనూ కృతులు కట్టారని మరిచిపోకు. పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి దగ్గర త్యాగరాజస్వామి కీర్తనలతో గట్టిపడిన గొంతే తర్వాత మహతిని మోసింది. నువ్వు కూడా వర్ణం వదలకు. కొత్త రచన పనిలో ఉన్న రోజుల్లోనే మరీ వదలకు. పొద్దున్నే అరగంట నాలుగు తీగల మీదా కమానును నిలకడగా లాగు. ఆ తర్వాత భైరవి అట తాళ వర్ణం రెండు కాలాల్లో వాయించు. అప్పుడు నీ ఇష్టం వచ్చినట్టు మీటుకో.

రెండో మాట ఇంకా ముఖ్యమైనది. సభలో ఈ రచన వాయించే ముందు, ఆ మోత ఎక్కడ పుట్టిందో నీ నోటితో చెప్పు. ‘జానపద బాణీ’ అని నాజూగ్గా దాటేయొద్దు. జముకుల కథ అని పేరు పెట్టి చెప్పు, ఉత్తరాంధ్ర పల్లెల్లో రాత్రుళ్ళు నిలబడి ఎల్లమ్మ కథ చెప్పేవాళ్ళ వాద్యమని చెప్పు. వీలైతే ఒక జముకు కథకుణ్ణి వేదిక మీదికి పిలిచి పక్కనే కూర్చోబెట్టుకో. మృదంగం వాయించినవారికి ఎంత ఇస్తావో ఆయనకీ అంతే ఇవ్వాలి. ఇందులో బేరం లేదు. కమాను పట్టినవాళ్ళం తోలువాద్యాలను చిన్నచూపు చూసిన పాపం నాబోటివాళ్ళది. అది నీ చేతుల మీదుగా కొంతైనా తీరాలి.

మూడోది, ఈ రచనను స్వరలిపిలో రాయి. ఫోనులో ఉంది కదా అనుకోకు. వట్టి స్వరాలు రాస్తే ఈ జార్లు ఎవరికీ తెలియవు. సుబ్బరామ దీక్షితులుగారు 1904లో సంగీత సంప్రదాయ ప్రదర్శినిని ఎట్టయపురంలో అచ్చువేశారు, అదీ మన తెలుగు లిపిలో. ప్రతి గమకానికీ గుర్తు పెట్టారు. జారు ఎక్కడానికి ఒక గీత, దిగడానికి ఒక గీత. నూరేళ్ళు దాటినా మనం ఇవాళ చదువుకుని వాయించగలుగుతున్నాం. ఆ గుర్తులే వాడు. మీటుకు మాత్రం కొత్త గుర్తు నువ్వే పెట్టాలి. రాసి నాకు పంపు, తప్పులు దిద్దుతాను. ఆ మాత్రం పని ఇంకా చేయగలను.

చివరి భాగం గురించి. ముక్తాయింపు లేకుండా ఆ మీటునలా గాలిలో వదిలేశావు. మొదటిసారి విన్నప్పుడు ఫోను ఆగిపోయిందనుకున్నాను. రెండోసారి, నువ్వు తొందరపడ్డావేమో అనిపించింది. మూడోసారి అర్థమైంది. తెల్లవారుతుంటే కథకుడు కథ ఆపి జముకు దించుతాడు, తీగ కాసేపు తనంతట తానే మోగుతుంది. జనం కూడా వెంటనే లేవరు. ఆ మోతే కదూ నువ్వు పట్టుకున్నది? సభల వాళ్ళు చప్పట్ల కోసం మూడు ఆవృతాల ముక్తాయింపు పెట్టమంటారు. పెట్టకు. ఈ ఒక్క విషయంలో ఎవరు చెప్పినా వినకు, రేపు నేను మనసు మార్చుకుని చెప్పినా వినకు.

నాకిప్పుడు కుడిచెవి మందగించింది, ఫోనులో మంద్రం సరిగ్గా అందడం లేదు. దసరా వెళ్ళిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను. ఎలాగూ మీ అమ్మగారిని తీసుకుని వస్తావు కదా. మంద్ర షడ్జానికి కొత్త తీగ వేయించుకుని వయోలిన్ వెంట తెచ్చుకో. అరుగు మీద నీ పాత చోట చాప వేయించి ఉంచుతాను. నా ఎడమచెవి వైపు కూర్చుని వాయిద్దువు గాని.

ఆశీస్సులతో,
మీ మాస్టారు