పెద్ద వయసులో చదువు: గుర్తుంచుకోవడం, గుర్తుందో లేదో తేల్చుకోవడం

ఎందుకు చదవాలి?

టెట్, డీఎస్సీ అభ్యర్థులకు స్మృతి–విస్మృతి పాఠం తెలిసిందే. గ్రూప్స్ రాసేవారు వయోజన విద్య, వృద్ధుల సంక్షేమం చదువుతారు. అరవై దాటిన మనిషి కొత్త విషయాన్ని ఎలా నేర్చుకుంటాడు, అది వచ్చిందని అతనికి ఎలా తెలుస్తుంది అని అడిగితే ఈ రెండు పాఠాలూ ఒకటవుతాయి. అనంతపురం జిల్లాలో ఈ ప్రశ్న నిత్యం ఎదురవుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి జిల్లా అక్షరాస్యత దాదాపు 64 శాతమే. (2022 ఏప్రిల్ 4న దీని నుంచి శ్రీసత్యసాయి జిల్లా విడిపోయింది.) బడి ముఖం చూడని పెద్దలు ఇప్పుడు ఏటీఎం పిన్, ఫోన్‌లో డబ్బు పంపడం, బీపీ, షుగరు మాత్రల వేళలు నేర్చుకోవాల్సి వస్తోంది. 2022–27 కాలానికి కేంద్రం చేపట్టిన ఉల్లాస్ కార్యక్రమం 15 ఏళ్లు, అంతకు పైబడిన నిరక్షరాస్యులందరికీ వర్తిస్తుంది.

తగ్గేదేది, నిలిచేదేది?

మనోవిజ్ఞాన శాస్త్రవేత్త రేమండ్ క్యాటెల్ ప్రజ్ఞను రెండుగా చూశాడు. కొత్త సమస్యను అప్పటికప్పుడు విప్పే శక్తి ద్రవ ప్రజ్ఞ, అనుభవంతో పోగుపడిన జ్ఞానం స్ఫటిక ప్రజ్ఞ. వయసుతో మొదటిది తగ్గుతుంది, రెండోది చాలాకాలం నిలుస్తుంది. సంబంధం లేని రెండు విషయాలను జతగా గుర్తుపెట్టుకోవడం పెద్దలకు మరీ కష్టం. కొత్త ముఖానికి పేరు, కొత్త మాత్రకు వేళ ఇలాంటి జతలే.

వేరుశనగ పండించే పల్లెల్లో ముసలి రైతును కదిలిస్తే మాత్రం ఏ ఏడు ఏ కార్తెలో పదును వాన పడిందో చెబుతాడు. 27 కార్తెల వరస అతని మనసులో గట్టిగా నాటుకుపోయింది. ప్రతి వానా ఆ వరసలో తన చోటు వెతుక్కుని కూర్చుంటుంది. ప్రాచీన గ్రీకులు, రోమన్లు వాడిన స్థాన పద్ధతిలో జరిగేదీ ఇదే. తెలిసిన ఇంటి గదుల్లో ఒక్కోచోట ఒక్కో విషయాన్ని ఊహించి పెట్టడం ఆ పద్ధతి. మన పెద్దలకు నేర్పేటప్పుడు ఇంటి గదుల కంటే కార్తెలు, ఊరి దారి, తమ పొలాల వరస ఎక్కువ పనికొస్తాయని నా నమ్మకం.

అవధానంలో ఉన్న విద్య

అనంతపురం జిల్లాలో పుట్టి, పెనుకొండలో అధ్యాపకుడిగా పనిచేసిన ఆశావాది ప్రకాశరావు (1944–2022) 170కి పైగా అష్టావధానాలు చేశారు. 2021లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఈ పాఠానికి అవధానం కంటే మంచి ఉదాహరణ నాకు కనబడలేదు.

సమస్య, దత్తపది, వర్ణన, నిషిద్ధాక్షరి అడిగిన పృచ్ఛకులకు అవధాని పద్యం మొత్తం ఒకేసారి చెప్పడు. ఒక్కో ఆవృత్తంలో ఒక్కో పాదం చెబుతూ పోతాడు. మళ్లీ అదే పృచ్ఛకుడి దగ్గరకు వచ్చేసరికి ముందు చెప్పిన పాదాన్ని కాగితం లేకుండా మనసులోంచి తీయాలి. మధ్యలో అప్రస్తుత ప్రసంగి మాటల్లోకి లాగుతుంటాడు, ఎక్కడో గంట మోగుతుంటే లెక్క పెట్టుకోవాలి. నాలుగు ఆవృత్తాలు ముగిశాక ధారణలో పద్యాలన్నీ వరసగా అప్పజెప్పాలి.

పాఠ్యపుస్తకం మాటల్లో చెప్పాలంటే ఆవృత్తాల మధ్య ఎడం విరామ అభ్యసనం, పాదాన్ని తిరిగి తీయడం పునఃస్మరణ, అప్రస్తుత ప్రసంగం కల్పించేది తిరోగమన అవరోధం. అన్నిటికంటే ముఖ్యమైనది ఛందస్సు. మాట తప్పితే యతి చెడుతుంది, గణం కుంటుతుంది. ఎవరూ చెప్పకుండానే తప్పు అవధానికే తెలిసిపోతుంది. నేర్చుకున్నది సరిగ్గా ఉందో లేదో చెప్పే కొలత ఆ పద్యంలోనే ఉంది.

అధిసంజ్ఞానం: మన జ్ఞాపకం మీద మన అంచనా

తన ఆలోచనను తానే గమనించుకోవడం అధిసంజ్ఞానం. దీనికి పర్యవేక్షణ, నియంత్రణ అని రెండు పనులున్నాయని థామస్ నెల్సన్, లూయిస్ నారెన్స్ 1990లో ఒక నమూనా ఇచ్చారు. వచ్చిందా లేదా అని చూసుకోవడం పర్యవేక్షణ. రాకపోతే మళ్లీ చదవడం, వస్తే ముందుకు పోవడం నియంత్రణ. మొదటిది తప్పితే రెండోదీ తప్పుతుంది.

పొరపాటు జరిగేది ఇక్కడే. పాఠం ముగియగానే చదువు చెప్పే వాలంటీరు "అర్థమైందా అవ్వా?" అని అడుగుతాడు. "అయింది లేప్పా" అంటుంది అవ్వ. ఆమె అబద్ధమాడటం లేదు. విన్నది ఇంకా మనసులో మెదులుతోంది కాబట్టి వచ్చేసిందనే అనిపిస్తుంది. నెల్సన్, డన్లాస్కీ 1991లో చూపింది ఇదే. నేర్చుకున్న వెంటనే వేసిన అంచనా నమ్మదగ్గది కాదు, కాస్త ఆగి వేసిన అంచనా చాలా కచ్చితంగా ఉంటుంది. అయితే జవాబు కనిపించకూడదు, ప్రశ్న ఒక్కటే ఎదురుగా ఉండాలి. జవాబు చూస్తూ అంచనా వేస్తే ఎంత ఆగినా లాభం లేదు.

వృద్ధుల విషయంలో ఒక మంచి కబురు ఉంది. కానర్, డన్లాస్కీ, హెర్ట్‌జోగ్ 1997లో ప్రచురించిన పరిశోధన ప్రకారం ఏవి గుర్తుంటాయి, ఏవి ఉండవు అని విడదీసి చెప్పడంలో పెద్దలు యువకులకు తీసిపోరు. మొత్తం ఎన్ని గుర్తుంటాయన్న లెక్కలోనే తేడా కనిపించింది. అంటే జ్ఞాపకం కొంత తగ్గినా దాన్ని గమనించే శక్తి నిలిచే ఉంటుంది. 2003లో డన్లాస్కీ బృందం పెద్దలకు జ్ఞాపక పద్ధతులతో పాటు తమను తాము పరీక్షించుకోవడం కూడా నేర్పింది. పద్ధతులు మాత్రమే నేర్చినవారి కంటే వీరు బాగా నేర్చుకున్నారు.

పిన్ నేర్పేదెలా?

నంబరు ఒకసారి చెప్పించాలి. ఒక నిమిషం వేరే మాటలాడి, చూడకుండా మళ్లీ అడగాలి. వస్తే రెండు నిమిషాలు, నాలుగు, ఎనిమిది అంటూ ఎడం పెంచుకుంటూ పోవాలి. తప్పితే వెంటనే సరైనది చెప్పి, అంతకుముందు గెలిచిన ఎడానికి తిరిగి రావాలి. అమెరికాలో క్యామెరాన్ క్యాంప్ మతిమరుపు వ్యాధి ఉన్నవారి కోసం కూడా ఈ పద్ధతిని వాడారు. పుట్టిన సంవత్సరాన్నే పిన్‌గా పెట్టించడం సులువే కానీ, దొంగకూ అంతే సులువు. పరీక్షించేది ఇంట్లో నమ్మకమైన మనిషే కావాలి.

శిక్షణకు హద్దులు

అమెరికాలో 65–94 ఏళ్ల వయసున్న 2,832 మందితో యాక్టివ్ అనే పెద్ద పరిశోధన జరిగింది. 2002లో వచ్చిన ఫలితాల ప్రకారం శిక్షణ ముగిసిన వెంటనే వేగ శిక్షణలో 87 శాతం, తార్కిక శిక్షణలో 74 శాతం, జ్ఞాపక శిక్షణలో 26 శాతం మంది మెరుగయ్యారు. పదేళ్ల తర్వాత మొదటి రెండింటి ప్రభావం నిలిచింది, జ్ఞాపక శిక్షణ ప్రభావం నిలవలేదు. కిటుకులు నేర్పి వదిలేస్తే చాలదు, అలవాటు కావాలి.

హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించింది. రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువురాని వారిలోనూ ఈ తేడా కనిపించింది. ఇది సంబంధాన్ని చూపే పరిశోధనే, కారణాన్ని తేల్చినది కాదు. అయినా తెలుగు, కన్నడం రెండూ మాట్లాడే హిందూపురం, మడకశిర, రాయదుర్గం పెద్దలకు ఇది ఆసక్తి కలిగించే విషయం.

మరుపంతా జబ్బు కాదు. తాళంచెవి ఎక్కడ పెట్టామో మరవడం వేరు, రోజూ నడిచే దారి తప్పడం, వండిన వంటను మళ్లీ వండటం వేరు. రెండోది కనిపిస్తే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి. అక్కడా ఒక జాగ్రత్త అవసరం. 1975 నాటి మినీ మెంటల్ పరీక్షలో చదవడం, రాయడం భాగాలు. బడికెళ్లని మనిషికి అందులో మార్కులు తగ్గితే ఆ తప్పు పరీక్షదే. అందుకే హరియాణాలోని బల్లబ్‌గఢ్‌లో నిరక్షరాస్యులకు తగ్గట్టు మార్చిన హిందీ పరీక్ష 1995లో వచ్చింది.

మాదిరి ప్రశ్నలు

జవాబులు చేత్తో మూసి, ఈ వ్యాసం చదివిన మర్నాడు ప్రయత్నించండి.

1. మరుపు వక్రరేఖను 1885లో ఎవరు ప్రతిపాదించారు? జవాబు: హెర్మన్ ఎబ్బింగ్‌హాస్. పరిశోధకుడూ, ప్రయోగానికి కూర్చున్నదీ ఆయనే.

2. కొత్త ఫోన్ నంబరు నేర్చాక పాతది గుర్తురాకపోవడం ఏ అవరోధం? జవాబు: తిరోగమన అవరోధం. పాతది కొత్తదానికి అడ్డొస్తే పురోగమన అవరోధం.

3. ఉల్లాస్ తరగతిలో 65 ఏళ్ల అభ్యాసకురాలి ప్రగతిని అంచనా వేయడానికి మీరు పాటించే పద్ధతిని అధిసంజ్ఞానం ఆధారంగా వివరించండి. సూచన: పర్యవేక్షణ, నియంత్రణ, ఆగి వేసే అంచనా, మౌఖిక పరీక్ష అనే నాలుగింటినీ స్థానిక ఉదాహరణతో కలిపి రాయండి.