పదిహేనో పేరు

అమ్మలూ,

డాన్సిచ్‌ను డల్లాస్ వాళ్లు లేకర్స్‌కి ఇచ్చేసిన కథ ఎక్కడో చదివి, “సీజన్ నడుస్తుండగా అంతటివాణ్ణి ఎలా ఇచ్చేస్తారు పెదనాన్నా?” అని అడిగావు. ఐపీఎల్ చూస్తూ పెరిగినదానివి, నీకు వింతగానే ఉంటుంది. మనకి వేలం అయ్యాక జట్టు దాదాపు ఖరారు. మధ్యలో ఎవరికైనా దెబ్బ తగిలితే బదులు ఇంకొకణ్ణి తెచ్చుకుంటారు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ తంతు వేరు. అక్టోబరులో దిగిన జట్టు ఏప్రిల్‌కి అదే జట్టుగా మిగలడం అరుదు.

ముందు నువ్వడిగిన దాని సంగతి చెప్పేస్తాను. 2025 ఫిబ్రవరి 2, ఆదివారం. మనకి పొద్దున్న పదిన్నర దాటింది, డల్లాస్‌లో ఇంకా శనివారం రాత్రే. వార్త బయటపెట్టిన విలేకరి షామ్స్ చరానియా ఖాతాని ఎవరో హ్యాక్ చేశారనుకున్నారు చాలామంది. నిజమేనని ఆయన మళ్లీ రాయాల్సి వచ్చింది. అంతకు ముందు ఏడాదే జట్టుని ఫైనల్ దాకా తీసుకెళ్లిన పాతికేళ్లవాణ్ణి ఇచ్చి ఆంథొనీ డేవిస్‌నీ, మాక్స్ క్రిస్టీనీ, కొత్త ఆటగాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 2029కి ఒక మొదటి రౌండ్ ఎంపికనీ తీసుకున్నారు. డల్లాస్ పక్కనే ఇర్వింగ్, ఫ్రిస్కోల్లో ఉన్న మన తెలుగువాళ్లకి కూడా అది ఇంటి గొడవే అయింది. బేరం కుదిర్చిన జనరల్ మేనేజర్ నికో హారిసన్ ఉద్యోగం ఆ నవంబరులో ఊడింది. నన్నడిగితే అది బుద్ధితక్కువ బేరం. అయినా అలాంటిది పదేళ్లకి ఒకటి జరుగుతుంది, దాని గురించి రాసేవాళ్లు వందమంది ఉంటారు. పత్రిక డెస్క్‌లో నువ్వు పని నేర్చుకోవలసింది చిన్న వార్తల దగ్గర.

ఒక్క సూత్రం పట్టుకో. ఎన్‌బీఏ జట్టులో పూర్తి కాంట్రాక్టు మీద ఉండగలిగేది పదిహేను మంది. ఇవికాక, కింది లీగ్‌కీ పై జట్టుకీ మధ్య తిరిగే టూ-వే కాంట్రాక్టులు మూడు ఉంటాయి. పదిహేనూ నిండి ఉంటే, అది ఒకడు దిగితేగాని ఇంకొకడు ఎక్కలేని బస్సే. కాబట్టి ఎవరో వచ్చాడన్న వార్త నీ టేబుల్ మీదికి రాగానే, పోయినవాడెవడని వెతుకు. చోటు ముందే ఖాళీగా ఉందంటే, అది ఎందుకు ఖాళీగా ఉంచారో వెతుకు. సగం కథ అక్కడే ఉంటుంది.

జెరెమీ లిన్ కథ చెబుతాను, దీనికంటే మంచి పాఠం నాకు తెలియదు. హార్వర్డ్‌లో చదివాడు. 2010 డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. గోల్డెన్ స్టేట్ చేర్చుకుంది గాని ఆడించింది తక్కువ. 2011లో యజమానులకీ ఆటగాళ్లకీ డబ్బు దగ్గర తగాదా వచ్చి సీజన్ క్రిస్మస్ దాకా మొదలవలేదు. డిసెంబరు 9న గోల్డెన్ స్టేట్ లిన్‌ను వదిలేసింది. ఎందుకనుకున్నావు? క్లిప్పర్స్ దగ్గరున్న డీఆండ్రి జోర్డాన్‌కి నాలుగేళ్లకి 4.3 కోట్ల డాలర్లు ఇవ్వజూపాలి, ఆ మేరకు జీతాల లెక్కలో ఖాళీ కావాలి. తీరా చూస్తే అంత డబ్బూ మేమే ఇస్తామని క్లిప్పర్స్ జోర్డాన్‌ను అట్టేపెట్టుకుంది. గోల్డెన్ స్టేట్‌కి జోర్డాన్ రాలేదు, లిన్ మిగల్లేదు.

ఇలా వదిలేసినవాడు వెంటనే స్వేచ్ఛాజీవి కాడు. నలభై ఎనిమిది గంటలు ‘వేవర్స్’లో ఉంటాడు. ఆ లోపు ఏ జట్టయినా అతని కాంట్రాక్టుని ఉన్నదున్నట్టు తలకెత్తుకోవచ్చు. ఇద్దరు ముగ్గురు అడిగితే పట్టికలో అడుగున ఉన్న జట్టుదే మొదటి హక్కు. లిన్‌ను హ్యూస్టన్ అందుకుంది. సరిగ్గా క్రిస్మస్ ముందురోజు వాళ్లూ వదిలేశారు. అప్పుడు తెచ్చుకున్నది శామ్యూల్ డాలంబేర్ అనే పొడుగాటి సెంటర్‌ని. మర్నాడు న్యూయార్క్ నిక్స్ మొదటి మ్యాచ్‌లో ఇమాన్ షంపర్ట్ మోకాలికి దెబ్బ తగిలింది, గార్డుల కొరత వచ్చింది. 27న నిక్స్ వాళ్లు లిన్‌ను అందుకున్నారు. చూశావా, రెండుచోట్ల ఎవరికోసమో పోయాడు, మూడోచోట ఎవరికో దెబ్బ తగిలితే వచ్చాడు. అతని ఆట బాగుందా లేదా అన్న ఊసు ఈ మూడింటిలో ఎక్కడుంది?

అక్కడా బెంచీ మీదే. జనవరిలో ఈరీ పట్నంలోని కింది లీగ్ జట్టుకి పంపారు. కాంట్రాక్టుకి పూచీ లేదు. ఆ కురచ సీజన్‌లో జీతాలు ఖాయమయ్యే తేదీ ఫిబ్రవరి 10. అది దాటితే ఏడాది జీతమంతా ఇచ్చుకోవాలి గనక, ఆ లోపే తీసేస్తారని లిన్‌కీ భయమే. ఇల్లు తీసుకోలేదు, అన్న సోఫా మీద పడుకునేవాడు. ఫిబ్రవరి 4న న్యూజెర్సీ నెట్స్‌తో మ్యాచ్‌కి ముందు రాత్రి పడుకున్నది సహచరుడు లాండ్రీ ఫీల్డ్స్ సోఫా మీద. నిక్స్ అప్పటికి 8 గెలిచి 15 ఓడింది, కోచ్ మైక్ డాంటోనీకి ఇంకో దారి లేదు. లిన్‌ను దింపాడు. 25 పాయింట్లు, 7 అసిస్టులు. ఆ గెలుపుతో మొదలుపెట్టి వరుసగా ఏడు మ్యాచ్‌లు గెలిచారు. ఫిబ్రవరి 10 రానే వచ్చింది. ఆ రాత్రి కోబీ బ్రయంట్ ఉన్న లేకర్స్ మీద లిన్ 38 పాయింట్లు కొట్టాడు. ఆ వేసవిలో మూడేళ్లకి దాదాపు రెండున్నర కోట్ల డాలర్లిచ్చి అతన్ని తీసుకెళ్లింది ఎవరో తెలుసా? క్రిస్మస్ ముందురోజు తీసేసిన హ్యూస్టనే!

అందుకే తేదీలు నోటికి రావాలంటాను. మామూలు సీజన్‌లో కాంట్రాక్టులు ఖాయమయ్యేది జనవరి 10. వేవర్స్ గంటలు పోను, జీతం మిగుల్చుకోవాలంటే 7వ తేదీకల్లా తీసెయ్యాలి. ఆ రోజు సాయంత్రం ఊరూపేరూ లేనివాళ్లు గుంపుగా రోడ్డున పడితే ఆశ్చర్యపోకు. జనవరి 5 నుంచి పది రోజుల కాంట్రాక్టులకి తలుపు తెరుస్తారు. పది రోజులు గాని మూడు మ్యాచ్‌లు గాని, ఏది ఎక్కువైతే అది. ఒకే జట్టు ఒకణ్ణి సీజన్‌లో రెండుసార్లే అలా పెట్టుకోవచ్చు, తర్వాత మిగతా సీజన్‌కి తీసుకోవాలి, లేదా పంపెయ్యాలి. ఫిబ్రవరిలో ట్రేడ్ గడువు అక్కడ మధ్యాహ్నం మూడింటికి, మనకి అర్ధరాత్రి దాటి 1.30కి. సిటీ ఎడిషన్ నైట్ డ్యూటీ వాళ్ల ఖర్మ అది. ఇక మార్చి 1. ఆ తేదీ దాటాక ఒక జట్టు వదిలేసినవాడు ఇంకో జట్టు తరఫున ప్లేఆఫ్స్ ఆడడానికి పనికిరాడు. ఓడిపోతున్న జట్లలోని సీనియర్లు కొంత జీతం వదులుకుని బయటపడే ‘బయౌట్’లన్నీ ఫిబ్రవరి నెలాఖరుకి తెమిలిపోయేది అందుకే. ఈ దారిలో పెద్ద జట్లు మరీ లాభపడుతున్నాయని యజమానులకీ ఆటగాళ్లకీ మధ్య కుదిరిన 2023 ఒప్పందంలో కొంత బిగించారు. జీతాల ఖర్చు ఒక గీత దాటిన జట్టు, పెద్ద జీతం వదులుకుని వచ్చినవాణ్ణి చేర్చుకోకూడదు. మంచి పనే చేశారు.

ఇంకొకటి. బేరం కుదిరిందన్న వార్తకీ బేరం పూర్తవడానికీ మధ్య డాక్టరుంటాడు. డాన్సిచ్ వచ్చిన వారంలోపే లేకర్స్ షార్లట్ నుంచి మార్క్ విలియమ్స్ అనే సెంటర్‌ని తీసుకుని, బదులుగా డాల్టన్ నెక్ట్‌నీ, కామ్ రెడిష్‌నీ, డ్రాఫ్ట్ హక్కుల్నీ ఇచ్చేలా బేరం కుదుర్చుకుంది. వైద్య పరీక్షలో విలియమ్స్ నెగ్గలేదు, బేరం రద్దయింది. వీడ్కోలు చెప్పేసిన నెక్ట్ మళ్లీ అదే లాకర్ గదికి వచ్చి బట్టలు సర్దుకోవాల్సి వచ్చింది. కనుక ‘అంగీకారానికి వచ్చారు’ అని రాయి. ‘చేరాడు’ అని జట్టు ప్రకటించాకే.

పది రోజులవాళ్లని చులకన చేయకు. భారత సంతతివాడు ఎన్‌బీఏలో మొదటిసారి ఆడింది అలాంటి కాంట్రాక్టు మీదే. సిమ్ భుల్లర్, టొరంటో పంజాబీ కుర్రాడు, ఏడున్నర అడుగులకి అంగుళం తక్కువ. 2015 ఏప్రిల్‌లో శాక్రమెంటో తీసుకుంది. మూడు మ్యాచ్‌లు, రెండు పాయింట్లు, అంతే అతని ఎన్‌బీఏ. అప్పుడు మన పత్రికలు అతన్ని ఆకాశానికెత్తాయి గాని, పది రోజుల కాంట్రాక్టంటే ఏమిటో పాఠకుడికి ఒక్క ముక్క చెప్పినవి తక్కువ. పాతతరం ఎన్‌బీఏ స్టార్ గ్యారీ పేటన్ కొడుకు కథ ఇంకోలా తేలింది. అతని పేరూ గ్యారీ పేటనే. 2021 ఏప్రిల్‌లో పది రోజులకని గోల్డెన్ స్టేట్‌కి వచ్చాడు. ఆ అక్టోబరులో తీసేస్తే, కనీసం వీడియోలు విశ్లేషించే ఉద్యోగమైనా ఇమ్మని అడిగాడు. రోజుల్లోనే పదిహేనో చోటు అతనికే ఇచ్చారు. మరుసటి వేసవిలో జట్టు చాంపియన్, విరిగిన మోచెయ్యి మానగానే అతనూ ఫైనల్ ఆడాడు.

ఈ జనవరి 7 రాత్రి నీకు డ్యూటీ పడితే, ఏజెన్సీ కాపీ అడుగున తీసేసినవాళ్ల పేర్లుంటాయి. చోటు చాలదని వాటిని కోసెయ్యకు. ఫొటో ఒక అంగుళం తగ్గించమని మీ చీఫ్ సబ్‌ని అడుగు.

ఆశీస్సులతో,
పెదనాన్న