ఫాదర్ల కాలేజీలో ఉద్యోగమా? చేరే ముందు ఇవి తెలుసుకోండి

వేసవి వచ్చిందంటే పీజీ, నెట్ పూర్తిచేసినవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, ఆర్‌సీఎం (రోమన్ క్యాథలిక్ మిషన్) కాలేజీలో పోస్టు పడింది. మేం క్రైస్తవులం కాదు. అప్లై చేయమంటారా?" నిస్సందేహంగా చేయండి. విజయవాడ ఆంధ్రా లయోలా, ఏలూరు సెయింట్ థెరిసా 1953లో మొదలయ్యాయి. విశాఖపట్నం సెయింట్ జోసెఫ్స్ 1958లో, బేగంపేట సెయింట్ ఫ్రాన్సిస్ 1959లో, విజయవాడ మారిస్ స్టెల్లా 1962లో వచ్చాయి. ఇలాంటి కాలేజీల స్టాఫ్‌రూముల్లో అన్ని మతాలవాళ్లూ పక్కపక్క కుర్చీల్లో కూర్చుని పేపర్లు దిద్దుతూనే ఉన్నారు. మతం గురించి అంత బెంగ అక్కర్లేదు. తెలుసుకోవాల్సింది వేరే ఉంది. ఈ కాలేజీ కొంతమంది జీవితాంతం కలిసి బతికే ఇల్లు కూడా. ఆ ఇంట్లోకి మీరు జీతానికి వెళుతున్నారు. ఇంటి మర్యాద ఎంత తెలియాలో, ఉద్యోగిగా మీ హక్కు కూడా అంతే తెలియాలి. మొదటిది అందరూ చెబుతారు. రెండోదే ఎవరూ చెప్పరు.

ముందు అక్కడ ఎవరెవరుంటారో చూద్దాం. ఒక వర్గం మఠవాసులు. జెస్యూట్ (యేసు సభ) కాలేజీ అయితే ఫాదర్లు, బ్రదర్లు. మఠకన్యల కాలేజీ అయితే సిస్టర్లు. ఆంధ్రా లయోలా, అల్వాల్ లయోలా అకాడమీ జెస్యూట్లవి. మారిస్ స్టెల్లా ఫ్రాన్సిస్కన్ మిషనరీస్ ఆఫ్ మేరీ సిస్టర్లది. సెయింట్ థెరిసా జేఎంజే సిస్టర్లది. ఏ సభ, అంటే ఏ మఠవాసుల సంఘం, వారి కాలేజీయో తెలియకుండా ఇంటర్వ్యూకు వెళ్లకండి. మఠవాసులందరినీ ఒకే గాట కట్టేస్తే వాళ్లు నొచ్చుకుంటారు. ఒక్కో సభకూ తనదైన స్థాపకులు, పండుగలు, పద్ధతులు ఉంటాయి.

జెస్యూట్ ఫాదర్ చదువు సంగతి విని కొత్తవాళ్లు ఆశ్చర్యపోతుంటారు. రెండేళ్లు నోవిషియేట్ (తొలి శిక్షణ), తర్వాత డిగ్రీ, తత్వశాస్త్రం, మధ్యలో రెండేళ్లు ఏదైనా స్కూల్లోనో కాలేజీలోనో పని, ఆపైన వేదాంతశాస్త్రం, అప్పుడు గురుపట్టం. పదేళ్లు దాటే ఈ శిక్షణ మీద మళ్లీ సబ్జెక్టులో పీజీ, కొందరికి పీహెచ్‌డీ. హాస్టల్లో పిల్లల వెంట తిరుగుతూ కనిపించే కుర్ర "బ్రదర్" ఆ మధ్యలో వచ్చే రెండేళ్ల పనిలో ఉండి ఉండవచ్చు. పదేళ్ల తర్వాత ఆయనే మీ ప్రిన్సిపాల్‌గా రావచ్చు. గురుపట్టం తీసుకోకుండా జీవితాంతం బ్రదర్‌గానే ఉండిపోయేవారూ ఉంటారు. ఆఫీసు, తోట, వర్క్‌షాపు చాలాచోట్ల వాళ్ల చేతి మీదుగానే నడుస్తాయి. వయసు చూసో హోదా చూసో ఎవరినీ తక్కువ చేయకండి.

ప్రభుత్వం జీతమిచ్చే ఎయిడెడ్ పోస్టులో ఉన్న ఫాదర్‌కు, సిస్టర్‌కు కూడా స్కేలు ప్రకారమే జీతం వస్తుంది. పేదరిక వ్రతం తీసుకున్నారు కాబట్టి ఆ డబ్బు వాళ్ల సభకు పోతుంది. అలా ఇచ్చేసినా ఆ జీతం మీద పన్ను కోత తప్పదని సుప్రీంకోర్టు 2024 నవంబరులో తేల్చింది. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, సొంతానికి జీతం ఉంచుకోని మనిషి ఎదుట కూర్చుని జీతం పెంచమని అడగడం మనకు మొహమాటంగా ఉంటుంది. ఆ మొహమాటం వదిలేయండి. ఆయన తిండి, వైద్యం, ముసలితనం సభ చూసుకుంటుంది. మీ ఇంటద్దె, పిల్లల ఫీజులు, అమ్మానాన్నల మందులు మీరే చూసుకోవాలి. ఆలోచన ఉన్న ఏ ఫాదరైనా ఈ మాట ఒప్పుకుంటారు.

మఠవాసుల తర్వాత రెండో వర్గం సామాన్య క్యాథలిక్కులు, అంటే మఠంలో చేరనివాళ్లు. మూడో వర్గం మిగతా అందరూ, మీతో కలిపి. క్యాథలిక్కులంతా ఒకే మూసలో ఉంటారనుకోకండి. తెలుగు క్యాథలిక్కుల్లో రెడ్లు ఉన్నారు, కమ్మవారు ఉన్నారు, పెద్ద సంఖ్యలో దళితులు ఉన్నారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా లేదు. సంఘం లోపల కులం నొప్పి ఇప్పటికీ ఉంది. హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ 2022లో కార్డినల్ అయినప్పుడు, దళితుల నుంచి ఆ స్థానానికి చేరిన మొదటి వ్యక్తిగా ఆయన గురించి ఎందుకంత మాట్లాడుకున్నారో దీన్నిబట్టి అర్థమవుతుంది. మఠవాసుల్లో మలయాళీలు, తమిళులు కూడా కనిపిస్తారు. స్టాఫ్‌రూములో ఎవరి కులం, ఎవరి ప్రాంతం అని ఆరాలు మొదలైతే మీరు అందులో చేరకండి. ఎవరు ఎవరి మనిషి అని లెక్కలు వేసే పని కొత్తగా చేరినవాళ్లకు ఎంతమాత్రం పనికిరాదు.

ఇక చట్టం. రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకు విద్యాసంస్థలు స్థాపించి నడుపుకునే హక్కు ఇచ్చింది. అర్హతలు నిర్ణయించేది యూజీసీ, ప్రభుత్వం. ఆ అర్హత ఉన్నవాళ్లలో ఎవరిని తీసుకోవాలో, ఎవరిని ప్రిన్సిపాల్‌ను చేయాలో నిర్ణయించుకునేది మేనేజ్‌మెంట్. సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. కాబట్టి పీజీలో 55 శాతం, దాంతోపాటు నెట్ లేదా సెట్ లేకుండా "ఫాదర్ తెలుసు" అన్న ధైర్యంతో వెళ్లకండి. ఇంకో మాట ముందే మనసులో పెట్టుకోండి. ప్రిన్సిపాల్ కుర్చీ సాధారణంగా ఆ సభవారికే పోతుంది. అది అన్యాయమని ఇరవై ఏళ్ల తర్వాత కుమిలిపోవడం కన్నా, చేరేరోజే తెలుసుకోవడం మంచిది. శాఖాధిపతి, డీన్, పరీక్షల కంట్రోలర్, కాలేజీ నాణ్యత చూసే ఐక్యూఏసీ కోఆర్డినేటర్ వంటి బాధ్యతల్లో మఠవాసులు కాని అధ్యాపకులు చాలామందే ఉన్నారు. అటానమస్ కాలేజీల్లో సిలబస్, ప్రశ్నపత్రాలు, మూల్యాంకనం అన్నీ సొంతమే కాబట్టి కంట్రోలర్ ఆఫీసులో పని నేర్చుకున్నవాడికి ఎక్కడైనా విలువ ఉంటుంది. మీ ఎదుగుదలకు దారి అటువైపు చూసుకోండి.

ఇంటర్వ్యూలో డెమో క్లాసు బాగా చెప్పడమే సగం పని. మిగతా సగం నిజాయితీ. రాని భక్తి నటించకండి. మదర్ థెరిసా పేరు చెప్పి మార్కులు కొట్టేయాలని చూడకండి. ఎదురుగా కూర్చున్నవారు అలాంటి మాటలు ఎన్నో విన్నవారు. "మా విలువల గురించి ఏమనుకుంటున్నారు?" అని అడిగితే, వెనకబడిన పిల్లలకు మీరు ఎలా పాఠం చెబుతారో, ఇంగ్లిష్ రాని పల్లెటూరి కుర్రాడిని ఎలా దగ్గరికి తీస్తారో చెప్పండి. అది వాళ్లకు నేరుగా అర్థమయ్యే జవాబు.

సెలెక్ట్ అయ్యారని ఫోన్ వచ్చాక అడగాల్సినవి ఇవి. పోస్టు ఎయిడెడా, మేనేజ్‌మెంట్ పోస్టా, సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సుదా? ఈ ఒక్క ప్రశ్నతో మీ భవిష్యత్తు సగం తేలిపోతుంది. యూజీసీ స్కేలులో అసిస్టెంట్ ప్రొఫెసర్ ప్రారంభ మూలవేతనం 57,700 రూపాయలు. మేనేజ్‌మెంట్ పోస్టులో ఇచ్చే కన్సాలిడేటెడ్ జీతం దానికి చాలా దూరంలో ఉంటుంది. ఎయిడెడ్ నియామకాలు ఏళ్ల తరబడి ఆగిపోయాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ఎయిడెడ్ విధానం మీదే పెద్ద వివాదం నడిచింది. "తర్వాత ఎయిడెడ్ చేస్తాంలే" అన్న మాట మీద ఆశలు పెట్టుకోకండి. ఆ మాట ఇచ్చే అధికారం కాలేజీ చేతుల్లో లేదు.

జీతం పన్నెండు నెలలకా, పదినెలలకా? ప్రొబేషన్ ఎంతకాలం? ఇంక్రిమెంట్ ఎప్పుడు, ఎంత? పీఎఫ్ కడతారా? యూనివర్సిటీ రాటిఫికేషన్ (నియామకానికి ఆమోదం) చేయిస్తారా? ఈ చివరిది చాలామంది అడగరు. రాటిఫికేషన్ లేకుండా పదేళ్లు చెప్పినా, రేపు ఇంకోచోట అనుభవం లెక్కలోకి రావడం కష్టమవుతుంది. గ్రాట్యుటీ మాటకొస్తే, అధ్యాపకులకూ అది వర్తిస్తుందని 2009లో సవరణ తెచ్చి 1997 ఏప్రిల్ 3 నుంచి అమలు చేశారు. సుప్రీంకోర్టు 2022లో దాన్ని సమర్థించింది. ఐదేళ్ల సర్వీసు నిండి మానేసినవారు నోరు తెరిచి అడగాల్సిన డబ్బు అది. సర్వీసులో ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున లెక్క. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటల బోధన. మీ టైమ్‌టేబుల్ 24 దాటితే మర్యాదగానే అడగండి, కానీ అడగండి.

కాలేజీ లోపలి జీవితం బయటినుంచి చూస్తే అంత తెలియదు. ఉదయం బెల్ కొట్టగానే స్పీకరులో ప్రార్థన మొదలవుతుంది. పిల్లలు లేచి నిలబడతారు. మీరూ చాక్‌పీసు పట్టుకుని అలాగే నిలబడండి. హాజరు పట్టీ తిరగేయడం, ఫోన్ చూడటం వద్దు. చేతులు జోడించాలా, సిలువ గుర్తు వేసుకోవాలా అని కంగారుపడనక్కర్లేదు, మౌనంగా నిలబడితే చాలు. క్యాథలిక్ విశ్వవిద్యాలయాల గురించి రెండవ జాన్‌పాల్ పోపు 1990లో ఇచ్చిన శాసనం కూడా క్యాథలిక్ అధ్యాపకుల నుంచి విధేయతను, మిగతావారి నుంచి గౌరవాన్ని మాత్రమే కోరింది. పిల్లల విషయంలో రాజ్యాంగం ఇంకా స్పష్టంగా ఉంది. ప్రభుత్వ గుర్తింపు లేదా సాయం ఉన్న సంస్థలో మతబోధకు హాజరు కావాలంటే వాళ్ల సమ్మతి, మైనర్లయితే పెద్దల సమ్మతి ఉండాలి. వాల్యూ ఎడ్యుకేషన్ క్లాసు మీకు అప్పగిస్తే దీన్ని గుర్తుపెట్టుకోండి.

క్యాలెండరు ఒకసారి చూసుకోండి. విభూది బుధవారం నుంచి ఈస్టర్ దాకా తపస్సుకాలం. ఆ రోజుల్లో ఫాదర్లను విందుకు పిలిచి ఇబ్బంది పెట్టకండి. జులై 31 ఇగ్నేషియస్ లయోలా పండుగ. జెస్యూట్ కాలేజీలో అది పెద్దరోజు. విజయవాడలో ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు గుణదల మాత తిరునాళ్లు. లయోలా వైపు ఆ మూడురోజులూ రోడ్లన్నీ జనమే, కాబట్టి ఆ వారం ఇంటర్నల్ పరీక్ష పెట్టుకోకుండా ఉంటే మంచిది. మఠవాసులకు పుట్టినరోజు కన్నా వాళ్లకు పేరిచ్చిన పునీతుల పండుగ ముఖ్యం. ఆ రోజు ఒక్క మాట చెబితే ఎంతో సంతోషిస్తారు. డిసెంబరులో సెమీ క్రిస్మస్‌కు స్టాఫ్ అంతా కుటుంబాలతో వస్తారు. మీరూ తీసుకెళ్లండి.

ఈ కాలేజీల్లో నాకు బాగా నచ్చేది కష్టకాలంలో కనిపిస్తుంది. ఒకసారి మా సహోద్యోగి తండ్రి ఊళ్లో చనిపోయారు. మధ్యాహ్నానికల్లా కాలేజీ వ్యాను ఆ పల్లెకు చేరింది. ప్రిన్సిపాల్ ఫాదర్ చెప్పులు వాకిట్లో విడిచి, పురోహితుడు తంతు జరిపిస్తున్నంతసేపూ పాడె పక్కన మౌనంగా నిలబడ్డారు. ఆ ఇంటి పెద్దావిడ ఆయన చేతులు పట్టుకుని ఏడ్చింది. ఇది నటన కాదు. మనుషుల దగ్గర నిలబడటం వాళ్ల శిక్షణలో భాగం. మీరూ అలాంటి బంధంలో భాగం కండి. ఎన్ఎస్ఎస్ క్యాంపులకు, పల్లెల్లో జరిగే ఎక్స్‌టెన్షన్ పనులకు పిలిస్తే విసుక్కోకండి. కాలేజీల నాణ్యత తేల్చే నాక్ మూల్యాంకనంలోనూ ఎక్స్‌టెన్షన్‌కు చోటుంది. తేదీలు, ఫొటోలు, హాజరు పత్రాలు దాచుకోండి.

అయితే "మనమంతా ఒక కుటుంబం" అన్న మాట ఎంత నిజమైనా, అది నియామక పత్రానికి బదులు కాదు. మఠవాసులు బదిలీల మీద ఉంటారు. సుపీరియర్ల ఆదేశం రాగానే పెట్టె సర్దుకుని వెళ్లిపోతారు. మీకు మాట ఇచ్చిన ఫాదర్ వచ్చే జూన్‌కు ఇంకో ఊళ్లో ఉండవచ్చు. కొత్తగా వచ్చినాయనకు పాత మాట తెలియదు, ఫైలులో ఉన్నదే తెలుస్తుంది. నోటిమాటగా ఏది ఒప్పుకున్నా, ఆ సాయంత్రమే "తమరు చెప్పినట్టు" అని మర్యాదగా ఒక ఈమెయిల్ పంపండి. హాస్టల్ వార్డెన్ పని అప్పగిస్తే భోజనం, గది, రాత్రి డ్యూటీ, సెలవు, అదనపు భత్యం అన్నీ రాతలో ఉండాలి.

కష్టం వస్తే ముందు శాఖాధిపతి, తర్వాత ప్రిన్సిపాల్, ఆ తర్వాత కరస్పాండెంట్ లేదా రెక్టర్. ఈ వరస దాటి నేరుగా సభ పెద్ద అయిన ప్రొవిన్షియల్‌కో బిషప్‌కో ఉత్తరం రాస్తే పని జరగకపోగా దూరం పెరుగుతుంది. ఒక్కదానికి మాత్రం ఈ వరస వర్తించదు. లైంగిక వేధింపుల విషయంలో 2013 చట్టం ప్రకారం పదిమంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. ఎదుటివారు మఠవాసుల అంగీ వేసుకున్నవారైనా సరే, నేరుగా అక్కడికే వెళ్లండి. కమిటీ సభ్యుల పేర్లు నోటీసుబోర్డు మీద ఉన్నాయో లేదో చేరిన వారంలోనే చూసుకోండి.

ప్రిన్సిపాల్ ఫాదర్లకు, సిస్టర్లకు ఒక విన్నపం. మీ దగ్గరకు వచ్చే కుర్ర లెక్చరర్లు మీ మీద గౌరవంతో నోరు మెదపరు. జీతం, పీఎఫ్, ఇంక్రిమెంట్, పని గంటలు స్పష్టంగా రాసిన నియామక పత్రం వాళ్లు అడగకముందే, మొదటిరోజే చేతికివ్వండి.