టీకా పట్ల జనుల మనసు మారిన తీరు

చరక సంహిత విమానస్థానంలో మూడవ అధ్యాయం పేరు జనపదోద్ధ్వంసనీయం. మనుషుల ప్రకృతి, ఆహారం, బలం, వయస్సు వేర్వేరుగా ఉండగా ఒకే వ్యాధి ఒకే కాలంలో ఊళ్లకు ఊళ్లను ఎలా నాశనం చేస్తుందని అందులో అగ్నివేశుడు ఆత్రేయుని ప్రశ్నిస్తాడు. గాలి, నీరు, దేశం, కాలం అందరికీ ఉమ్మడి కనుక, అవి చెడినప్పుడు అందరూ పీడితులవుతారని సమాధానం. ఒక ఇంటివారి పథ్యం ఒక్కటే మహమ్మారిని ఆపలేదన్న సంగతి ఈ ప్రశ్నలోనే ఉన్నది.

2020లో మన ఇళ్లలో తులసి, దాల్చినచెక్క, శొంఠి, మిరియాల కషాయం నిత్యకృత్యమైనది. ఆయుష్ మంత్రిత్వ శాఖ కూడా దీనిని సూచించినది. అయితే అది కోవిడ్‌కు చికిత్స కాదని అప్పుడే స్పష్టం చేసినది. ఈ రెండవ మాటను పట్టించుకొన్నవారు తక్కువ.

2021 జనవరి 16న దేశంలో టీకా కార్యక్రమం ఆరంభమైనది. తొలి వారాలలో వైద్య సిబ్బందిలోనే పలువురు వెనుకాడారు. దీనిని కేవలం మూఢత్వమని కొట్టివేయడం న్యాయం కాదు. హైదరాబాదులో తయారైన కోవాగ్జిన్‌కు మూడవ దశ పరీక్షల ఫలితాలు రాకముందే అనుమతి లభించినది. పైగా టీకా తరువాత ఒకటి రెండు రోజులు వచ్చే జ్వరాన్ని చూసి, సూదితోనే రోగం ఎక్కించారని అనుకొన్నవారున్నారు. నిజానికి కోవాగ్జిన్‌లో ఉండేది చంపిన వైరస్; ఆ జ్వరం శరీరం మేల్కొన్నందుకు గుర్తు.

ఏప్రిల్, మే నెలలలో రెండవ ఉధృతి వచ్చినది. పడకలు, ప్రాణవాయువు దొరకని ఆ రోజులలో, వద్దన్నవారే తెల్లవారకముందు టీకా కేంద్రాల వద్ద వరుస కట్టారు. అదే మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో మూలికా మందు కోసం వేలాదిగా జనం చేరారు. రెండు వరుసలలోనూ నిలిపినది ఒకే భయం. కంటి చుక్కలు మినహా ఆ మందుకు రాష్ట్ర ప్రభుత్వం మే 31న అనుమతి ఇచ్చినది. హాని కనిపించలేదనడం వేరు, గుణం రుజువైనదనడం వేరు. ఆయుర్వేదాన్ని గౌరవించేవారే ఈ భేదాన్ని ముందుగా పాటించాలి.

2021 అక్టోబరు 21 నాటికి 100 కోట్ల మోతాదులు, 2022 జూలై 17 నాటికి 200 కోట్లు పూర్తయినవి. ఆ జూలైలోనే పెద్దలందరికీ మూడవ మోతాదును 75 రోజులపాటు ఉచితం చేసినా, వెనుకటి ఆత్రం కనిపించలేదు. భయం తగ్గగానే శ్రద్ధ తగ్గినది. యువకుల హఠాన్మరణాలకు టీకాయే కారణమన్న ప్రచారమూ తోడైనది. 18 నుండి 45 ఏండ్ల వారిపై భారత వైద్య పరిశోధన మండలి జరిపి 2023లో ప్రకటించిన అధ్యయనంలో, టీకా వలన అట్టి మరణాల ముప్పు పెరిగినట్లు తేలలేదు. కోవిషీల్డ్ తరహా టీకాలతో అత్యంత అరుదుగా రక్తం గడ్డకట్టిన మాట మాత్రం వాస్తవం. దానిని దాచడం వలన నమ్మకం పెరగదు.

టీకా వేయించుకొన్న రోజున కషాయం త్రాగవచ్చునా అన్నది ఇండ్లలో తరచు వినబడే సందేహం. అలవాటైన కొలతలో త్రాగవచ్చును. కడుపులో మంట ఉన్నవారు మిరియాలు, శొంఠి తగ్గించాలి. జ్వరం వస్తే పలుచని జావ, తగినంత నీరు, విశ్రాంతి అవసరం. సూది వేసిన చోట ముప్పై నిమిషాలు కూర్చోమనడం లాంఛనం కాదు. ఆయాసం, ఒళ్లంతా దద్దురు వంటివి వస్తే సాధారణంగా ఆ వ్యవధిలోనే వస్తాయి; వెంటనే అక్కడి సిబ్బందికి చెప్పాలి.