గుమ్మడికాయకు జోడీ ఎవరు?

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడనే సామెత మీరు వినే ఉంటారు. ఆ దొంగ తడుముకోవడానికి భుజాలే ఎందుకు దొరికాయో ఎప్పుడైనా ఆలోచించారా? అతడు ఎత్తుకుపోయింది బూడిద గుమ్మడికాయ. ముదిరిన ఆ కాయ తొక్కమీద తెల్లని పొడి ఉంటుంది. అది నిజానికి బూడిద కాదు, ఒక రకమైన మైనం. కాయలోని నీరు ఆవిరై పోకుండా అది కాపాడుతుంది. భుజాన పెట్టుకుని మోస్తే అంటుకుంటుంది. అతడు తీపి గుమ్మడికాయను దొంగిలించి ఉంటే దొరికేవాడు కాడేమో!

ఈ రెండు కాయలదీ ఒకే కుటుంబం. దోస, సొర, బీర, కాకర కూడా అందులోనివే. కాని బూడిద గుమ్మడి ఆసియా ఖండానికి చెందినది. తీపి గుమ్మడి పుట్టిల్లు అమెరికా. మనం ఇప్పుడు చెప్పుకోబోయేది ఈ తీపి గుమ్మడి గురించే. ఇది పూర్తిగా ముదిరాక కోసే కాయ. తొక్క గట్టిది కనుక నెలల తరబడి నిలవ ఉంటుంది. చలిదేశాలలో శీతకాలానికని దాచుకుంటారు. మన పల్లెల్లో అటకమీద పెడతారు. నిలవ ఉన్నకొద్దీ లోపలి పిండిపదార్థం కొంత చక్కెరగా మారుతుంది. అందుకే పాతకాయ తియ్యగా ఉంటుంది. కొనేటప్పుడు గోటితో గిచ్చి చూడండి. గోరు దిగకపోతే, తొడిమ ఎండి బెరడులా ఉంటే అది ముదురుకాయ.

ఇక తిరుచానూరు వెళదాం. తిరుపతికి సుమారు 5 కిలోమీటర్ల దూరంలో, స్వర్ణముఖి నదికి దగ్గరగా ఉన్న ఊరు అది. కార్తీకమాసంలో పద్మావతీ అమ్మవారి బ్రహ్మోత్సవాలు జరుగుతాయి. చివరిరోజున పంచమీతీర్థానికి పద్మసరోవరం చుట్టూ ఇసుక వేస్తే రాలనంత జనం చేరుతారు. ఆ సందడి ముగిసిన కొద్దివారాలకే ఆ చుట్టుపక్కల సంతలకు మరొక అతిథి వస్తుంది. అవే అనపకాయలు. అనప పొద్దు తగ్గినప్పుడు పూతకు వచ్చే మొక్క. మంచు పడే రోజుల్లో కాయ పట్టుకుంటే చేతికి అంటుకునే ఆ వాసన చిత్తూరు, తిరుపతి వైపు వారికి వేరే చెప్పనక్కరలేదు. నానబెట్టిన గింజను రెండు వేళ్లమధ్య పితికితే తొక్క ఊడి పప్పు బయటికి దూకుతుంది. అదే పితికిపప్పు. పితికే పని సాధారణంగా పిల్లలకే అప్పగిస్తారు. పప్పు గిన్నెలో పడడానికి బదులు ఎదుటివాడి ముఖాన పడడం కూడా మామూలే.

సంక్రాంతి నాటికి అటకమీది గుమ్మడికాయ, చేనులోని అనపగింజ ఒకే కుండలో కలుస్తాయి. చింతపండు పులుసు, మిరపకారం, చిన్న బెల్లంముక్క, పైన నూనెలో వేసిన తిరగవాత. పక్కన రాగిసంగటి. ఈ కలయిక ఎందుకు కుదిరింది?

మొదటి కారణం చాలా సాదాది. ఆ రెండూ ఆ రోజుల్లోనే దొరుకుతాయి. మన పెద్దలు అన్నీ శాస్త్రం తెలిసే చేశారని చెప్పేవారిని నేను నమ్మను. దొరికినవాటిని కలిపి చూశారు, నాలుకకు నచ్చినదాన్ని నిలుపుకున్నారు. కాని అలా నిలిచినదానిలో శాస్త్రానికి ఏం కనిపిస్తుందో చూడడం మన పని.

గుమ్మడికాయలో పదింట తొమ్మిది వంతులు నీరే. 100 గ్రాముల ముక్కలలో మాంసకృత్తులు ఒక గ్రాము చిల్లర మాత్రమే. ఎండిన అనపగింజలలోనో, అవి దాదాపు నాలుగోవంతు ఉంటాయి. అంటే కాయలో లేనిది గింజ ఇస్తుంది. గింజకు కూడా ఒక లోటు ఉంది. మాంసకృత్తులు ఎమినో ఆమ్లాలతో తయారవుతాయి. గింజలలో లైసిన్ అనే ఆమ్లం పుష్కలం, మెథియొనిన్ తక్కువ. రాగులలో సరిగ్గా దీనికి తిరగబడి ఉంటుంది. కనుక పులుసును సంగటితో తిన్నప్పుడు ఒకదాని కొరత మరొకటి తీరుస్తుంది. విచిత్రమేమంటే, అమెరికాలోని ఆదివాసులు కూడా మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి ఈ మూడింటినీ కలిపి పండించి, కలిపి తినేవారు. వారిని అక్కచెల్లెళ్లని పిలుచుకునేవారు. వారి మొక్కజొన్న స్థానంలో మనకు రాగి ఉన్నది, అంతే తేడా.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. గుమ్మడి గుజ్జుకు ఆ పసుపు నారింజ రంగునిచ్చేది బీటా కెరోటిన్. మన పేగు గోడలలో అది ఎ విటమిన్‌గా మారుతుంది. మసక వెలుతురులో చూడడానికి కంటికి ఆ విటమిన్ కావాలి. అది బాగా తగ్గితే రేచీకటి వస్తుంది. ఇంకా ముదిరితే నల్లగుడ్డే చెడిపోయి పూర్తిగా చూపు పోవచ్చు. ఒకప్పుడు మన దేశంలో ఎందరో పసిపిల్లలు ఇలా కళ్లు పోగొట్టుకున్నారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు దీనిపై పరిశోధనలు చేశారు. ఆ ఫలితంగా 1970లో పిల్లలకు ఆరునెలలకొకసారి ఎక్కువ మోతాదులో ఎ విటమిన్ ఇచ్చే పథకం మొదలైంది.

కెరోటిన్‌కు ఒక మొండితనం ఉంది. నీటిలో కరగదు, క్రొవ్వులోనే కరుగుతుంది. గుమ్మడిలో క్రొవ్వు దాదాపు లేనేలేదు. నూనెచుక్క లేకుండా ఉడికించి తింటే దానిలో చాలా భాగం ఒంటికి పట్టకుండానే బయటికి పోతుంది. కనుక గుమ్మడికాయకు అన్నిటికంటే ముఖ్యమైన జోడీ నూనె. ఎక్కువ అక్కరలేదు, మనిషికి ఒక చెంచా చాలు. చిత్తూరు వైపు చెనిక్కాయలంటారే, ఆ వేరుశనగ గింజలను వేయించి, పొడికొట్టి కూరమీద చల్లినా సరే. వాటిలో దాదాపు సగం నూనే. తిరగవాత వాసనకోసమే అనుకునేవారు ఇది గుర్తుంచుకోవాలి.

నమ్మకం కుదరకపోతే పరీక్షించండి. పెద్దవారిని పక్కన పెట్టుకుని, గుమ్మడి కోరును రెండు భాగాలు చేయండి. ఒకదాన్ని నీటిలో, రెండవదాన్ని నూనెలో సన్నని సెగమీద కాసేపు ఉంచి, దించి, చల్లారాక వడకట్టండి. ఏది ఎక్కువ పసుపు రంగు ఎక్కిందో మీరే చూస్తారు.

ఒక్క మాట. గుమ్మడికాయ మందు కాదు. సందెవేళ తడుముకుంటూ నడిచే తమ్ముడో చెల్లెలో మీ ఇంట్లో ఉంటే వెంటనే డాక్టరుకు చూపించాలి.

పులుపు సంగతి చూద్దాం. తీపికి పులుపు తగిలితే రుచి పెరుగుతుంది. కాని చింతపండును ఎప్పుడు వేయాలనేదే చిక్కు. మొక్కల కణాలను ఒకదానితో ఒకటి అతికించి ఉంచే జిగురు పెక్టిన్. వేడికి అది విడిపోతేనే ముక్క మెత్తబడుతుంది. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం ఈ పనిని ఆలస్యం చేస్తుంది. మూడు గిన్నెలలో ఒకే సైజు ముక్కలు వేసి, ఒకదానిలో వట్టి నీరు, ఒకదానిలో చిక్కని చింతపండు రసం, మూడోదానిలో చిటికెడు వంటసోడా కలిపిన నీరు పోసి, సమానంగా ఉడికించండి. గరిటెతో నొక్కితే సోడా ముక్క నుజ్జవుతుంది, పులుపు ముక్క బిగిసి ఉంటుంది. అందువల్ల ముందు అనపగింజలు ఉడకాలి. తరువాత గుమ్మడి ముక్కలు వేయాలి. అవి సగం పైగా మెత్తబడ్డాక పులుసు పోయాలి. ఈ వరుస తప్పితే గింజలు రాళ్లలా మిగులుతాయి. మా ఇంట్లో ఒక పండుగనాడు నా తొందరవల్ల అలాగే జరిగింది. ఆ గింజలను ఎవరూ నమలలేకపోయారు. అలాగని సోడా వేయకండి, అది బి విటమిన్లలో ఒకటైన థయమిన్‌ను నాశనం చేస్తుంది.

ఆవాలది మరో కథ. ముడి ఆవగింజను వాసన చూడండి, ఏమీ ఉండదు. నీళ్లు చల్లి నూరితే ముక్కు అదురుతుంది. గింజలో వేరువేరు గదులలో ఉన్న ఒక ఎంజైము, మరొక పదార్థం అప్పుడు కలుసుకుని ఆ ఘాటును పుట్టిస్తాయి. వేడినూనెలో వేస్తే ఎంజైము చచ్చిపోతుంది కనుక తిరగవాత ఆవాలు ఘాటెక్కవు. ఆవపెట్టిన గుమ్మడికూర చేసేవారు ముద్దను కూర దించాకే కలపడానికి కారణం ఇదే.

మిరప, వేరుశనగ కూడా గుమ్మడిలాగే అమెరికానుంచి వచ్చినవే. 1408 నుండి 1503 వరకు జీవించిన అన్నమయ్య కాలపు పులుసులో ఈ మూడూ లేవన్నమాట. కారానికి మిరియాలు, గుమ్మడంటే ఆ బూడిద గుమ్మడే.

చివరగా, ఏ గుమ్మడికాయనైనా కోయగానే చిటికెడు పచ్చిముక్కను నాలుకమీద పెట్టి ఉమ్మివేయండి. చేదుగా ఉంటే కాయ మొత్తం పారవేయండి. ఆ చేదు కుకుర్బిటాసిన్ అనే విషపదార్థానిది. అది ఉడికించినా పోదు. బెల్లం వేసి దాన్ని కప్పిపుచ్చాలని చూస్తే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి.